ఒకటెక్కువ బాబాయి

మా బాబాయి ఏది తెచ్చినా ఒకటి ఎక్కువ తెస్తాడు. ఆయన గురించి నిజానికి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. కానీ ఇక్కడితో ఆపితే మీరు ఊరుకోరు, నా నోరూ ఊరుకోదు.

నలుగురున్న ఇంట్లో అన్నానికి ఐదు కంచాలు పెట్టిస్తాడు. ఇద్దరెక్కిన బస్సులో మూడు టికెట్లు కొంటాడు. కండక్టరు "మూడో ఆయనేడండీ?" అంటే "వస్తే ఎక్కడ కూర్చోవాలి మరి?" అని ఎదురడుగుతాడు. ఒకసారి చెప్పుల జత కొని, ఎడమకాలిది ఇంకోటి ఇమ్మన్నాడట. పాపం ఆ షాపతను మూడో కాలు ఎక్కడుందోనని బల్ల కిందకి వంగి మరీ చూశాడు. ముక్కు మీదొక కళ్ళజోడు, నెత్తి మీదొక కళ్ళజోడు, జేబులో ఇంకొకటి.

"నయం, పెళ్ళాన్ని మాత్రం ఒక్కదాన్నే చేసుకున్నారు" అంటుంది పిన్ని.

"ఏమిటి బాబాయ్ ఈ పిచ్చి?" అని ఎవరడిగినా ఒకటే జవాబు. "పిచ్చి కాదమ్మాయ్, సేఫ్టీ స్టాక్."

అంటే అనుకోకుండా అవసరం పడితే ఉండాలని గోదాములో పక్కన పెట్టే సరుకన్నమాట. బాబాయి పని ఆ పాఠాలు చెప్పడమే. సరుకు ఎక్కడ పుట్టి, ఏ గోదాములో ఆగి, ఏ లారీ ఎక్కి మన చేతికి ఎప్పుడొస్తుందో లెక్కగట్టే చదువు ఒకటుంది, సప్లై చైన్ మేనేజ్‌మెంట్. దానికో పరీక్ష, పాసైతే ఓ సర్టిఫికెట్. ఆ పరీక్షకి కోచింగ్ ఇస్తాడు మా బాబాయి.

నా ఖర్మ కాలి, ఆ సర్టిఫికెట్ నాకే అవసరమొచ్చింది.

నేను మందుల గోదాములో డిస్పాచ్ ఇన్‌చార్జిని. ప్యాకింగ్ బల్ల దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి, కాళ్ళు పీక్కుపోయి, చివరికి ఒక కుర్చీ సంపాదించుకున్నదాన్ని. దానికి చక్రాలు కూడా ఉన్నాయి. అలాంటిదాన్ని పట్టుకుని మా మేనేజరు అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? "ఏడాది చివరికల్లా సర్టిఫికెట్ లేనివాళ్ళు ఇన్‌చార్జి కుర్చీ దిగి మళ్ళీ ప్యాకింగ్‌కి పోవాలి!" ఆయన్ని మేమంతా ఉరుము సారు అంటాం. గొంతు పాడవకుండా బుగ్గన లవంగం పెట్టుకుని మరీ అరుస్తాడు. ఆ రోజు ఆ అరుపుకి ర్యాకు మీంచి ఖాళీ అట్టపెట్టె ఒకటి కింద పడింది. నా గుండె అంతకుముందే పడిపోయింది.

అలా నేను ఆదివారాలు బాబాయి క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టాను.

క్లాసు మూతబడిన ఒక పాత కోల్డ్ స్టోరేజీలో. అద్దె తక్కువని తీసుకున్నాడు. ఒక్క కిటికీ ఉంటే ఒట్టు. బయట ఎండ పేలిపోతుంటే లోపల ఎప్పుడూ మునిమాపే. మిషన్లు ఆపేసి ఏళ్ళయినా గోడలకి చలి వదల్లేదు. హాలు చివర, వెనక గదికి అడ్డంగా, మందపాటి ప్లాస్టిక్ పట్టీల తెర వేలాడుతుంటుంది. పాతబడి పాలలా తెల్లబోయింది, అవతల ఏముందో కనపడదు. గాలి లేకపోయినా ఆ పట్టీలు అప్పుడప్పుడూ కదిలేవి.

ఆ తెరకి ఆనించి ఒక కుర్చీ. మేం ఎంతమందిమి వచ్చినా అది మాత్రం ఖాళీ.

"బాబాయ్, అదెవరికి?"

"రావాల్సినవాళ్ళకి."

"ఎవరు రావాలి?"

"వస్తే తెలుస్తుంది కదా" అని, ఆ కుర్చీ మీద ఒక ప్రశ్నపత్రం, ఒక కప్పు టీ పెట్టి, పాఠం మొదలెట్టాడు.

ఇంట్లో ఐదో కంచం చూసి నవ్వినదాన్ని, ఇక్కడ నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే క్లాసు అయ్యాక చూస్తే కప్పు ఖాళీ.

లైట్లు ఇంకో బాధ. అవి మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి. లెక్క చేస్తూ అందరం తలలు వంచుకుని కూర్చుంటే ఒక్కో వరసా టప్ టప్ మని ఆరిపోయేది. ఆ చీకట్లో, ఎవరూ లేని చివరి కుర్చీ మీద లైటు మాత్రం టక్కున వెలిగేది. మేమంతా ఒక్కసారి చేతులు ఊపేవాళ్ళం, మా లైట్లు వెలగాలని. పైకి అదే చెప్పుకునేవాళ్ళం.

నా పక్కన ఇద్దరు కూర్చునేవాళ్ళు. ఒకరు ఆసుపత్రి స్టోర్సులో పనిచేసే అక్కయ్య, ఇంకొకడు లారీ ఆఫీసు గుమాస్తా. అక్కయ్య ముక్కు చురుకు. "ఏమే, లవంగాల వాసన రావట్లా?" అంది ఒకనాడు గుసగుసగా.

"రాదూ మరి?" అన్నాడు గుమాస్తా, అడగడమే ఆలస్యమన్నట్టు. "పూర్వం ఇక్కడ మసాలా దినుసులు దాచేవారట. లెక్క చూసే గుమాస్తాని లోపలుంచి తలుపేసేశారట. పొద్దున తీస్తే బిగుసుకుపోయి ఉన్నాడట, చేతిలో పెన్సిలు అలాగే ఉందట."

"ఎవరు చెప్పార్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదక్కా. ఈ గది చూస్తే తెలియట్లా?"

కట్టుకథ అని తెలిసి కూడా మేమిద్దరం కుర్చీలు ముందుకి జరుపుకున్నాం. ఆ సమయానికే తెర వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. సన్నగా, మర్యాదగా. బోర్డు దగ్గర బాబాయి వెనక్కి తిరగకుండానే, "అర్థం కాలేదా? సరే, మళ్ళీ చెప్తా" అని సరుకు ఎంతకి తగ్గితే మళ్ళీ తెప్పించాలో లెక్కగట్టే రీఆర్డర్ పాయింట్ మొదటినుంచీ చెప్పాడు. మాలో ఎవరూ అడగలేదు.

నమూనా పరీక్ష పెట్టిన రోజు మాత్రం నా పై ప్రాణాలు పైనే పోయాయి. చివరి కుర్చీ మీది ప్రశ్నపత్రం మాయమైంది. ఎలా పోయిందో ఎవరూ చూడలేదు. టైము అయ్యాక పట్టీల కిందనుంచి ఒక కాగితం నెమ్మదిగా నేల మీద జారుకుంటూ బయటికొచ్చి ఆగింది. నిండా రాసి ఉంది. బాబాయి దాన్ని తీసి, దుమ్ము దులిపి, మా అందరివాటితో కలిపి దిద్దాడు. మార్కులు చదివి, చివరికి తెరకేసి తిరిగి, "మిగతావన్నీ బాగున్నాయి. చేతిరాత కూడా బాగుపడింది. రేపటి గిరాకీ అంచనా కట్టే డిమాండ్ ఫోర్‌కాస్టింగ్ మాత్రం మళ్ళీ పోయింది" అన్నాడు.

తెర వెనకనుంచి ఒక నిట్టూర్పు వినిపించింది.

"చూశావా అక్కా," అన్నాడు గుమాస్తా, మొహం పాలిపోయి, "ఫోర్‌కాస్టింగ్ చచ్చినా రాదంటారు, ఇదే."

ఆ రోజు బాబాయి ఇంటికెళ్ళి పిన్నిని నిలదీశాను. "పిన్నీ, బాబాయి దయ్యాలకి పాఠాలు చెప్తున్నాడు, నీకు తెలుసా?"

పిన్ని ఉల్లిపాయలు తరుగుతూ, "ఫీజు ఇస్తున్నాయా?" అని మాత్రం అడిగింది.

ఈ భయాల మధ్య చదివి పరీక్ష రాశాను. తప్పాను. ఎందులో తప్పానో చెప్పక్కర్లేదు, ఫోర్‌కాస్టింగే. అక్కయ్య పాస్, దయ్యం కథ చెప్పిన లారీ గుమాస్తా కూడా పాస్. నేను ఫెయిల్. ఏడాది చివరికి ఇంకొక్క పరీక్షే ఉంది. అదీ పోతే చక్రాల కుర్చీ పోతుంది, ప్యాకింగ్ బల్ల దగ్గర మళ్ళీ నిలబడాలి. ఇదొక ఎత్తు. కొత్త బ్యాచిలో ఎవరు చేరారో తెలిసింది, అది ఇంకో ఎత్తు. మా గోదాము పిల్లలు, నా చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు. "మేడమ్, మీరూ మళ్ళీనా?" అని వాళ్ళు అడుగుతుంటే ఆ గుమ్మం ఎలా దాటను? సిగ్గుతో చచ్చిపోయాను. బాబాయి ఫోను చేస్తే తీయలేదు. రెండు ఆదివారాలు తలనొప్పని ముసుగు తన్నాను.

మూడో ఆదివారం పొద్దున్నే పిన్ని వచ్చింది. కూర్చోనైనా కూర్చోకుండా ఒక తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"బాబాయి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదే. ముందునుంచి రాలేకపోతే వెనక తలుపుంది, పక్క సందులోంచి రమ్మన్నారు. తాళంచెవులు ఒకటెక్కువ చేయించారట." తర్వాత మెల్లగా అంది, "ఆయన రాత్రి అన్నం సరిగా తినలేదు. వెళ్ళవే."

వెళ్ళాను. సందు, మెట్లు, తుప్పుపట్టిన తలుపు. తాళం మాత్రం నూనె పెట్టినట్టు చప్పుడు లేకుండా తెరుచుకుంది. లోపల చీకటి, చలి. తెర వెనక ఉన్న ఆ గదే అని అప్పుడు గానీ తట్టలేదు. ఎదురుగా ప్లాస్టిక్ పట్టీలు మసకగా మెరుస్తున్నాయి, వాటి అవతలనుంచి బాబాయి గొంతు వినిపిస్తోంది. లవంగాల వాసన గుప్పున కొట్టింది. పట్టీల దగ్గర మఫ్లరు చుట్టుకున్న ఆకారం ఒకటి గొంతుకూర్చుని, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని ఊగుతోంది.

ఒక అడుగు వెనక్కి వేశాను. కాలికి ఏదో తగిలి ఖణేల్ మంది. ఆకారం తల తిప్పి నన్ను చూసింది.

చూసి, "అమ్మో, దయ్యం!" అని అరిచింది.

ఆ అరుపుతో గది అదిరిపోయింది. ఆ ఉరుము నాకు బాగా తెలుసు. నేనూ కెవ్వుమన్నాను. అవతల కుర్చీలు పడిపోయాయి, కొత్త పిల్లలు గుమ్మంకేసి పరుగులు తీస్తున్న చప్పుడు. బాబాయి మాత్రం నిదానంగా, "కంగారు పడకండి, అది సేఫ్టీ స్టాక్. కూర్చోండి, కూర్చోండి" అంటున్నాడు.

"సార్! మీరా?"

"నువ్వా?" ఉరుము సారు గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆ మనిషి గుసగుసలాడగలడని నాకు ఆ రోజే తెలిసింది. "ఎవరికీ చెప్పకమ్మా, నీకు పుణ్యముంటుంది. ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు. మా వాళ్ళంతా ఆ గదిలో కూర్చుంటుంటే నేనెలా కూర్చోను? మీ బాబాయిగారు నన్ను చూసి ఒక్క మాట అడగలేదు. తాళంచెవి ఇచ్చారు, టీ పోశారు. ఇంతకీ నీదీ పోయిందా?"

"పోయింది సార్."

"ఫోర్‌కాస్టింగా?"

"ఫోర్‌కాస్టింగే."

ఆయన మొహంలో ఒక రకమైన సంతోషం కనిపించింది. దాన్ని నేను తప్పుపట్టను, నాకూ అలాగే ఉంది.

"మరి పాస్ కాకపోతే కుర్చీ దిగాలని మా మీద అంతలా ఉరిమారేం?"

ఆయన తల దించుకున్నాడు. "పైనుంచి వచ్చిన ఆర్డరు మేనేజరు నుంచి మొదలవుతుంది. నేను నా పేరు వదిలేసి, మిగతాది గట్టిగా చదివాను."

కోపం రావాలి. వచ్చిన నవ్వుని నోరు మూసుకుని ఆపుకోవాల్సి వచ్చింది. అప్పుడే పట్టీల మధ్యలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. చేతిలో టీ కప్పు. తర్వాత ఇంకో కప్పు. ఆ తర్వాత ఇంకోటి.

"బాబాయ్, మేమిద్దరమే" అన్నాను.

"తెలుసు" అంది తెర.

అలా చదివాం. ఉరుము సారు నాకు లెక్కలు చెప్పాడు, నాకు అర్థమైనంతలో నేను ఆయనకి ఫోర్‌కాస్టింగ్ బొమ్మలు గీసి చూపించాను. అవతల పిల్లలు మా దగ్గులు విని ఎన్ని కథలు అల్లుకున్నారో తర్వాత గోదాములో విన్నాను. నాది ఆడదయ్యమట, పెళ్ళి కాలేదట. నాకున్న మొగుడు అది విని చాలా సంతోషించాడు.

ఇద్దరం పాసయ్యాం. చక్రాల కుర్చీ నాకే మిగిలింది. బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకుని కోల్డ్ స్టోరేజీకి, బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఒకటి ఎక్కువే కొన్నాను, రోగం అంటుకున్నట్టుంది.

"బాబాయ్, నిజం చెప్పు. ఈ ఒకటెక్కువ నీకు ఎలా పట్టుకుంది?"

నెత్తి మీది కళ్ళజోడు ముక్కు మీదికి, ముక్కు మీదిది నెత్తికి మార్చుకున్నాడు. "నేనూ మొదటిసారి తప్పానమ్మాయ్. సిగ్గు చంపుకుని మళ్ళీ క్లాసుకి వెళ్తే కుర్చీ లేదు. ఎవరూ పొమ్మనలేదు. లెక్కప్రకారం వేసుకున్నారు, అంతే. గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళడానికి చాలా ఏళ్ళు పట్టింది. సరుకు రావడానికి పట్టే కాలాన్ని లీడ్ టైమ్ అని పాఠాలు చెప్తాం, మనిషి తిరిగి రావడానికి పట్టదూ?"

బాబాయంటే ఎంత ఇష్టమో ఆ క్షణాన చెప్పేద్దామనుకున్నాను గానీ ఆయన అప్పటికే బిస్కెట్లు పంచుతున్నాడు, ఎప్పటిలాగే ఒక భాగం ఎక్కువగా.

"సర్లే, ఇప్పుడు వెనక ఎవరూ లేరుగా. ఇంకా టీ ఎందుకు పెడుతున్నావు?"

"కప్పు ఖాళీగానే వస్తోందే."

నా చేతిలో బిస్కెట్ ఆగిపోయింది. "తాళంచెవులు మా ఇద్దరి దగ్గరే ఉన్నాయి కదా బాబాయ్! మరి ఎవరు?"

"ఎవరో, పాపం. నేను అడగలేదు."

నా తాళంచెవి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. దేనికో అప్పుడు అడగలేదు, ఆ గదిలోంచి బయటపడటమే పదివేలనుకుని వచ్చేశాను.

మొన్న ఫలితాలొచ్చాయి. మా గోదాములో ఒక అమ్మాయి తప్పింది. భోజనాల వేళకి కనపడకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. చివరి ర్యాకు వెనక, అట్టపెట్టెల మధ్య ముడుచుకుని కళ్ళు తుడుచుకుంటోంది. ఓదార్పు మాటలు నాకు చేతకావు. సంచిలోంచి తాళంచెవి తీసి ఆమె ముందు పట్టుకున్నాను. అదే సమయానికి ర్యాకు అటువైపునుంచి ఇంకో చెయ్యి వచ్చింది, అందులోనూ ఒక తాళంచెవి. లవంగాల వాసన వేసింది.

ఆ అమ్మాయి బిత్తరపోయి, ఎందుకైనా మంచిదని రెండూ తీసుకుంది.

"సార్, ఒకటెక్కువ అయింది" అన్నాను.

"ఉండనీ" అన్నాడు ఉరుము సారు, చాలా మెల్లగా.