రోడ్డు మీదికొచ్చిన దుప్పులు

మా నాయినకు చూపు తగ్గిందన్న సంగతి గూడెం మొత్తంలో నా ఒక్కడికే తెలుసు. కనీసం అలా అనుకున్నాను. అది కూడా ఆయన చెప్తే తెలిసింది కాదు. జనగామ నుంచి నేను ఇల్లు చేరిన రోజు, వాకిట్లో కూర్చుని వింటికి నారి బిగిస్తున్న మనిషి అలికిడికి తలెత్తి నావైపే చూస్తూ, "ఎవలయ్యా, ఎవల్ గావాలె?" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాను. ఆయన పరాచకం ఆడటం లేదు. నా గొంతు విన్నాక మాత్రం తడబడి, "నువ్వా బిడ్డా! ఎండ కండ్లల్ల గొడ్తుంది" అన్నాడు. ఆ పూట ఆకాశమంతా మబ్బే.

తెలంగాణ రాష్ట్రం కావాలని మొదటిసారి ఊళ్లన్నీ లేచిన కాలమది. జనగామలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. రోజూ ఊరేగింపులు, పరుగులు, లాఠీలు. పరీక్షలు వాయిదా పడ్డాయి. ఎప్పుడు పెడతారో చెప్పేవాడు లేడు. హాస్టల్లో వంట ఆగిపోయిన రోజున మూట కట్టుకుని బయల్దేరాను. రైలు ఎప్పుడొస్తుందో స్టేషన్ వాళ్లకే తెలియదు, బస్సులు అసలే లేవు. కొంత దూరం ఎవరిదో సైకిల్ వెనక, కొంత దూరం ఎడ్లబండి మీద, ఎక్కువ దూరం నా కాళ్ల మీద ఘనపూర్ దాకా వచ్చి, అక్కడి నుంచి అడవి రోడ్డు పట్టుకున్నాను.

ఆ రోడ్డు చూసి ఆశ్చర్యపోయాను. కలప లారీలు పగలూ రాత్రీ దుమ్ము లేపే రోడ్డు అది. బంద్ పుణ్యమా అని నిద్రపోతోంది. మొదటి వాన ముందుగానే పడటంతో రెండు పక్కలా లేత గడ్డి మొలిచింది. నడి రోడ్డు మీద నల్ల శనగలు పోసినట్టు దుప్పి పెంటికలు. ఒకచోట కాదు, మలుపు మలుపులో ఉన్నాయి.

మాది కోయగూడెం. ఇంట్లో మా మాట వేరు, ఇక్కడ తెలుగులో చెప్తున్నాను. విత్తనాల పండుగ కానిదే మాలో ఎవరూ చేలో గింజ వేయరు. ఇంటింటి నుంచి తెచ్చిన జొన్న, పెసర, కంది ఒకే గంపలో పోసి పందిరి కింద పెడతారు. మగవాళ్లు విల్లంబులతో అడవికి పోతారు. వేటలో పడ్డ జంతువు నెత్తురు ఆ గింజలకు తగిలితేనే విత్తనం పంచుకుంటారు. దొరక్కపోతే మర్నాడు మళ్లీ పోవాలి, అది దొరికేదాకా నాగలి కదలదు. ఉత్త చేతులతో తిరిగొచ్చే మగవాళ్లకు ఆడవాళ్లు పేడనీళ్ల కుండలతో ఎదురొస్తారు, వాళ్ల తాత ముత్తాతల్ని కూడా వదలకుండా పాటలు కడతారు. ఇప్పుడు దుప్పిని కొడితే జైలు, అది మంచిదే. అప్పటికి చట్టం ఇంత గట్టిగా లేదు, ఉన్నా మా దాకా రాలేదు.

మా నాయిన వేటపెద్ద. ఏ దిక్కుకు పోవాలో చెప్పేది ఆయన. మొదటి బాణం ఆయనది. గింజల్లో నెత్తురు కలిపే చెయ్యి ఆయనది. కిందటేడు చాలా రోజులు ఉత్త చేతులతో తిరిగొచ్చి, విత్తడం ఆలస్యమై, పంట సగం పోయింది. అప్పటి నుంచి మా చిన్నాయన ప్రతి కల్లు ముంత దగ్గరా అదే పాట. "అన్నకు వయసు మళ్లింది. ఈసారి గూడ గట్లనే అయితే వింటిని పక్కకు వెట్టాలె." ఆ మాట నాయిన చెవిన పడింది. చేను పోయినా ఆయనకు అంత బాధ ఉండేది కాదు. చూపు పోయిందని తెలిస్తే మాత్రం ఈసారి వేట దాకా కూడా గూడెం ఆగదు.

ఎక్కడ వేటాడాలన్న మాట పందిరి కిందే మొదలైంది. అందరూ వాగు మడుగు అన్నారు. ఏటా అదే. మడుగు పైన బండల మీద కూర్చుంటే, దప్పికకు వచ్చిన దుప్పి కాళ్ల కిందే నిలబడుతుంది. నాయిన నావైపు తిరిగి, వచ్చేటప్పుడు ఏం చూశావని అడిగాడు. చెప్పాను. అందరూ ఘొల్లుమన్నారు.

"రోడ్డు మీద దుప్పులా? బస్ కోసం నిలవడ్డయా ఏంది?" అన్నాడు చిన్నాయన. "జనగామల గిదేనా సదివింది?"

నాకు ఒళ్లు మండింది. నాయిన మాత్రం నిదానంగా అన్నాడు. "వాన ముందుగాల్నే పడ్డది. గుంట గుంటల నీళ్లున్నయి. నీళ్ల కోసం మడుగు దాక ఎందుకొస్తది? గిప్పుడు దానికి గావాల్సింది లేత గడ్డి. లారీలు బందైనయి, సప్పుడు లేదు. రోడ్డు దిక్కే పోదాం."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నాడు చిన్నాయన. "రోడ్డు మీద పోలీసోళ్లు తిరుగుతున్రు. విల్లంబులు వట్టుకొని గుంపుగ కనవడితే జై తెలంగాణోళ్లని లోపలేస్తరు. గా పాపం ఎవలది?"

"నాదే."

"దుప్పి దొరకకుంటే?"

"అది గూడ నాదే."

రోడ్డు మాట చెప్పింది నేను. దాని మీద తన పెద్దరికం మొత్తం పెట్టింది ఆయన.

తెల్లవారగానే నడిచాం. నాయిన ముందు, ఆయన మడమల వెనకే నేను. బాట ఆయన పాదాలకు తెలుసు కాబట్టి ఎక్కడా తడబడలేదు. రోడ్డు దగ్గర పడ్డాక మొలలోని గుడ్డసంచి విప్పి చిటికెడు బూడిద వదిలాడు. అది ఎటు పోయిందో ఆయన చూడలేదు, చెంప అటు తిప్పి గాలిని పట్టుకున్నాడు. వంగి చేతికి తగిలిన పెంటికను వేళ్ల మధ్య నలిపి, "ఇయ్యాల్టిదే" అన్నాడు. అందరి ముఖాల్లో వెటకారం కొంచెం తగ్గింది. గాలి మా వాసన అటు మోసుకుపోకుండా, రోడ్డుకు దిగువన ఏటవాలులో మనిషికో పొద చూపించాడు. నన్ను మాత్రం తన పక్కనే, మోదుగు పొద వెనక కూర్చోబెట్టుకున్నాడు.

చాలాసేపటికి నా చెవి దగ్గరికి వంగి, "బిడ్డా, ఎంత దూరమున్నదో, ఏ దిక్కున్నదో నా చెవుల చెప్పు" అన్నాడు. కళ్ల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తల ఊపాను. తర్వాత గుర్తొచ్చింది, తల ఊపితే ఆయనకు తెలియదని. "చెప్త నాయినా" అన్నాను.

ముందు ఒక ఆడదుప్పి వచ్చింది. తల దించి గడ్డి కొరికి, మళ్లీ తలెత్తి చెవులు తిప్పింది. దాని వెనక ఇంకొకటి. నా గుండె చప్పుడుకే పారిపోతాయేమో అనిపించింది.

"ముంగట పెంటి ఉన్నది నాయినా. కడుపుతోటి ఉన్నది."

"దాన్ని ఇడువు."

నాకు దాన్నయినా కొట్టేస్తే బాగుండు అనిపించింది. అంత దగ్గరగా ఉంది. కాని కడుపుతో ఉన్నదాని నెత్తురు విత్తనానికి తగలకూడదు. అదీ గాక ఆ గొంతుకు ఎదురు చెప్పలేం. అంతలో మద్ది చెట్టు వెనక నుంచి కొమ్ములు కదిలాయి. పోతు. చుక్కల ఒళ్లు, బలిసిన మెడ. అది అడుగు వేసి ఆగుతోంది, అడుగు వేసి ఆగుతోంది.

"పోతు అచ్చింది. మద్ది చెట్టు పక్కన. జర కుడికి. ఇంకా జర. కింది కొమ్మంత ఎత్తుల మెడ ఉన్నది."

నాయిన నారి లాగాడు. వెదురు సన్నగా మూలిగింది. ఆయన కణత మీద నరం ఉబ్బింది. నేను ఊపిరి బిగబట్టి 'ఇడువు' అనబోయేంతలో దూరంగా మోత వినబడింది. లారీ. ఇన్ని రోజులు లేనిది, ఆ క్షణానికే దొరికింది దానికి ముహూర్తం. దుప్పులన్నీ ఒక్కసారి తలలెత్తాయి.

నాయిన బాణం వదల్లేదు. మెల్లగా నారి సడలించాడు. దుప్పులు ఎటు ఉరుకుతాయో తెలియనప్పుడు వదిలిన బాణం పక్క పొదలో ఉన్న మనిషికి తగలొచ్చు. గాలిలో దీపం పెట్టి దేవుడి మీద భారం వేసే రకం కాదు ఆయన.

కలప లారీ మలుపు తిరిగింది. బంద్‌లో దొంగచాటుగా నడుపుతున్నాడు కాబోలు, హారన్ లేదు, వేగం తగ్గలేదు. ఆడదుప్పులు ఇవతలికి దూకాయి. పోతు రోడ్డు దాటబోయింది. లారీలు లేని రోజులకు అలవాటు పడ్డ జంతువు. దబ్బుమన్న చప్పుడు. నడుం విరిగి రోడ్డు మీద పడి, ముందు కాళ్లతో నేలను గీకుతోంది.

మావాళ్లు పొదల్లోంచి ఒక్కసారిగా రోడ్డు మీదికి ఉరికారు. నెమ్మదించిన లారీలోంచి డ్రైవర్ తల బయటపెట్టి, విల్లంబుల గుంపును చూసి వణికిపోయాడు. ఆ రోజుల్లో ఎక్కడ ఆపినా జై తెలంగాణ అంటేనే ఉద్యమం వాళ్లు దారి వదిలేవాళ్లు. "జై తెలంగాణ! జై తెలంగాణ! నేను గూడ మీవోన్నే అన్నా, ఇడిసిపెట్టున్రి!" అని అరుస్తూ లారీని గూడెం వైపు ఉరికించాడు. తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుని నవ్వాం గాని, అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

నాయిన ఆ గీకుడు చప్పుడును బట్టి నడిచి, దుప్పి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో దాని పక్కటెముకలు తడిమి, అక్కడే మూరెడు దూరం నుంచి బాణం వదిలాడు. గీకుడు ఆగింది.

అప్పుడు చిన్నాయన అన్న మాట నేను ఊహించనిది. "అన్నా, నీ బాణమే దిగింది. లారీ ముచ్చట మనకెర్క, అడవికెర్క. గింజలు ఎదురుసూస్తున్నయి." ఎవరూ కాదనలేదు. ఎంత నోరు పారేసుకున్నా, ఆయన చేను కూడా ఆ విత్తనం కోసమే తడిసి ఉంది. నాయిన బాణం పీకి గడ్డికి తుడిచాడు. దారి పొడుగునా దుప్పిని మోస్తూ నేను లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. ఒక్క అబద్ధమాడు నాయినా, ఒక్కటే.

ఆయన ఏం చెప్తాడన్నది ఒక భయమైతే, నాకు ఇంకో భయం ఉంది. నెత్తురు దొప్పతో వేటపెద్ద ఒక్కడే పందిరి కిందికి నడవాలి. మగవాళ్లెవరూ వెంట పోకూడదు. మసక పందిరి, చుట్టూ కుండలు, తాళ్లు, మధ్యలో గంప. గూడెం మొత్తం చూస్తుండగా ఆయన గాలిలో తడుముకుంటే ఇక అంతే.

గూడెం ముందు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. పండుగ రోజుల్లో దారిన పోయేవాళ్లను ఆపి మామూలు అడగడం వాళ్ల హక్కు. అందరికంటే ముందు పేడనీళ్ల కుండతో మా అవ్వ. తల్లిని మేం అవ్వ అంటాం. ఆమెది మానుకోట అడవుల వైపు పుట్టిల్లు, అక్కడి ఆడవాళ్ల నోటికీ చేతికీ ఎదురు లేదని పేరు. దుప్పిని దించగానే ఆనవాయితీ ప్రకారం అడిగింది.

"ఎవని బాణానికి పడ్డది?"

అందరూ నాయిన వైపు చూశారు. చిన్నాయన దగ్గాడు.

"లారీ గుద్దింది" అన్నాడు నాయిన. "పానం పోక కొట్టుకుంటుంటే నేను బాణమేసిన. కలపాల్నో వద్దో మీరే చెప్పున్రి."

చిన్నాయన నెత్తి కొట్టుకున్నాడు. నాకు కోపం ఆయన మీదో, లారీ మీదో, నా మీదో తెలియలేదు. అంతలో గూడెంలో అందరికంటే ముసలమ్మ బోసినోటితో నవ్వింది.

"గా లారోడు గీడ తాడు కాడ ఆగి, జై తెలంగాణ అనుకుంట అంత చెప్పి పాయె. నువ్వేం జెప్తవో సూద్దమని నిలవడ్డం. అబద్ధమాడితే గింజ ముట్టనియ్యకపోదుము. లారీ కొట్టినదానికి ముందుగాల పేడనీళ్లు. నిజం జెప్పినదానికి తర్వాత నెత్తురు."

ఆ మాట పూర్తి కాకముందే మా అవ్వ కుండ ఎత్తింది. మామూలుగా కాళ్ల మీద పోస్తారు, మరీ సరసమైతే వీపు మీద. ఆమె సూటిగా ముఖం మీద కొట్టింది. నాయిన కళ్లు, ముక్కు, మీసాలు అన్నీ పేడ. గూడెం గూడెమంతా విరగబడి నవ్వింది. ఆయన కళ్లు మూసుకుని చేతులు చాపి గాలిలో తడుముకున్నాడు. నేను అంతవరకు దేనికి భయపడ్డానో అదే జరుగుతోంది, జనం మాత్రం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అవ్వ ఆయన మణికట్టు పట్టుకుని, "కండ్లల్ల వడ్డదా? పడాలె! ఇటు రా, గిదిగో గంప!" అని తిడుతూ పందిరి కిందికి ఈడ్చుకుపోయి, ఆ చేతిని గింజల్లో పెట్టి, రెండో చేతికి నెత్తురు దొప్ప అందించింది. నాయిన కలిపాడు. నింపాదిగా, అడుగుదాకా కలిపాడు. ఆ పొద్దే విత్తనం పంచుకున్నారు.

తర్వాత ఇంటి వెనక అవ్వ చెంబుతో నీళ్లు పోస్తూ ఆయన ముఖం కడుగుతోంది. నా కోపం ఇంకా చల్లారలేదు.

"మొఖం మీదనేనా అవ్వా గొట్టేది? గింత సిగ్గుదీస్తవా?"

ఆమె నావైపు తిరగలేదు. బొటనవేలితో ఆయన కనురెప్పల మీది పేడ మెల్లగా తుడుస్తోంది. నాయినే అడిగాడు, చాలా చిన్న గొంతుతో.

"నీకెప్పటి సంది ఎర్క?"

"దూడను కట్టెయ్యమంటె తాడు గుంజకు కట్టి, దూడను ఇడిసిపెట్టినవు సూడు, గప్పటి సంది" అంది అవ్వ. "అందరు నవ్విన్రు గద. నవ్వినోళ్లల్ల ఒక్కలన్న నీ కండ్ల దిక్కు సూసిన్రా?"

నాయిన ముఖం కొంచెం ముందుకు పెట్టాడు. ఆమె ఇంకో చెంబు పోసింది.