గ్లోవ్స్ వేసుకుని రాసిన పేజీ

2022 ఎండాకాలం. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో నేను హెచ్‌ఆర్ చూసేదాన్ని. అంటే మనుషుల్ని పనిలోకి తీసుకోవడం, తీసేయడం. మొదటిది అందరికీ చెప్పుకుంటాం, రెండోదాని గురించి నోరెత్తం. ఇది ఆ రెండోదాని సంగతి.

మందుల తయారీలో ప్రతి పనినీ అప్పటికప్పుడు చేత్తో రాయాలి. మందు కాచే రియాక్టర్ వేడి ఎంత, ఎప్పుడు చూశారు, ఎవరు చూశారు అని. ఆ కాగితాల కట్టే బ్యాచ్ రికార్డ్. ఆ నెలలో ఒక బ్యాచ్ మందు పాడైంది. రికార్డ్‌లో మాత్రం వేడి సరిగ్గానే ఉంది. మీటరు చూడకుండా ఎవరో అంకె వేసేశారని మా ప్లాంట్ మేనేజర్ తేల్చేశారు. ఆ షిఫ్టులో ఉన్న ఆపరేటర్లు నలుగురూ "సూసే రాసినం" అన్నారు.

అబద్ధమాడేవాణ్ణి పట్టుకోవడానికి మేనేజర్ ఒక చేతిరాత నిపుణుణ్ణి పిలిపించారు. ఒక రాత ఎవరిదో పోల్చి చెప్పడం వేరు, దానికో పద్ధతి ఉంది. ఈయన చెప్పేది రాసినవాడి బుద్ధి. అక్షరం వంపు చూసి, కలం ఒత్తిడి చూసి! నాకు నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే నమూనాలు పోగుచేసి ఇచ్చాను, ఏం మనిషినో.

ముగ్గురు నా గదిలో కుర్చీలో కూర్చుని తలా ఒక పేజీ రాసిచ్చారు. నాలుగో మనిషి యాదగిరి డ్యూటీలో ఉన్నాడు. సుల్తాన్‌పూర్ వైపు ఊరు, పదకొండేళ్లుగా మా దగ్గర కాంట్రాక్టు మీద పని. ఆయన వచ్చేదాకా ఆగడమెందుకని బ్యాచ్ రికార్డ్‌లోంచే ఒక పేజీ జిరాక్స్ తీసి పెట్టాను. ప్లాంట్ లోపల రెండు జతల గ్లోవ్స్ వేసుకుని, నిలబడి, డ్రమ్ము మీద అట్ట పెట్టుకుని రాస్తారని నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణాన తట్టలేదు.

నిపుణుడు సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగాడు. "అక్షరాలు గీత దిగి జారుతున్నాయి. ఒత్తిడికి నిలకడ లేదు. దాచే స్వభావం" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. గ్లోవ్స్ సంగతి చెబితే మేనేజర్ వినలేదు. మర్నాడు యాదగిరిని కూర్చోబెట్టి రాయించి, ఆ కాగితాన్ని వేరే పేరుతో అదే నిపుణుడికి పంపాను. "నిజాయతీపరుడు, బాధ్యతలు అప్పగించవచ్చు" అని జవాబొచ్చింది. ఇక గెలిచాననుకుని కాగితాలు పట్టుకుని పరుగెత్తాను. మేనేజర్ నా ముందే స్పీకర్ పెట్టి నిపుణుడికి ఫోన్ చేసి, రెండూ ఒకరివేనని చెప్పారు.

"చూశారా సార్, ఒకే మనిషికి రెండు రాతలు! లోపల ఒకటి, బయట ఒకటి. నేను చెప్పింది ఇదేగా?"

"విన్నారుగా మేడమ్" అన్నారు మేనేజర్.

రాత బాగాలేకపోతే దొంగ. బాగుంటే నటిస్తున్న దొంగ. ఇక ఎలా రాస్తే బయటపడతాడయ్యా మనిషి? నిపుణుడి మాటలతో సహా తొలగింపు లెటర్ నేనే టైపు చేశాను, సంతకమూ నేనే పెట్టాను.

రెండు నెలలకు మీటరే తప్పు చూపిస్తోందని బయటపడింది. నలుగురూ ఉన్నది ఉన్నట్టే రాశారు. యాదగిరిని వెనక్కి పిలుద్దామంటే "ఆ ఫైల్ మూసేశాం కదా" అన్నారు మేనేజర్. కనీసం ఆయనకు ఫోన్ చేసి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

మరుసటి ఏడాది ఒక ఉదయం పటాన్‌చెరు బస్టాండులో ఆయనే నన్ను గుర్తుపట్టాడు. గోదాము దగ్గర లోడింగ్ పనికి పోతున్నాడట. అక్కడికక్కడే మీటరు సంగతి చెప్పేశాను. "నీ తప్పేం లేదు యాదగిరన్నా. నువ్వు నిజమే రాశావు."

"మీటరు ఖరాబైందేమో మేడం. గని నాలో ఏదో తక్కువుండే ఉంటది. గంత సదువుకున్నాయన ఊకె అంటడా?" అని సంచిలోంచి నాలుగు గీతల కాపీ పుస్తకం తీశాడు. "రోజు రెండు పేజీలు రాస్తున్న. రాత గీత మీద నిలవడితె బుద్ధి గూడ నిలవడతదంట. జెర సూడున్రి, ఇప్పుడు సక్కగయిందా?"

అబద్ధపు శాస్త్రాన్ని ఒక్క రుజువుతో పడగొట్టొచ్చని అంతకుముందు అనుకునేదాన్ని. రుజువు తెచ్చాను, మేనేజర్ దగ్గర పనిచేయలేదు. నిజమే బయటికొచ్చింది, యాదగిరి దగ్గరా పనిచేయలేదు. నా ఉద్యోగం నాకు నేర్పింది ఇదే, ఇంతకంటే మంచి మాట చెప్పలేను.

పుస్తకం నిండా గుండ్రటి అక్షరాలు, ఒక్కటీ గీత దాటలేదు. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు.

"బాగుంది యాదగిరన్నా" అన్నాను.

రెండు చేతులెత్తి దండం పెట్టాడు.