నాగరగెరె గొంతుకు అమ్మిన కత్తి

హెలికాప్టర్ మమ్మల్ని దించిన చోట నేల కనబడలేదు. నడుముదాకా మంచు. రెక్కలు ఆపలేదు. మూటలు కిందికి తోశారు, ఆ వెనకే మమ్మల్నీ తోసినంత పని చేశారు. అక్కడి నుంచి ఒకే తాడుకు అందరం కట్టుకుని నడక. మొదటి మజిలీ కింది పోస్టు. మరునాడు పై పోస్టు. నాది పైది. దాని పేరు రాయకూడదు. ఉత్తరాన ఉంది, ఎత్తులో ఉంది. మీకు అంతవరకు చాలు.

పోస్టు అంటే కోట బురుజు ఊహించుకోకండి. ఫైబర్ గుడిసె ఒకటి. చుట్టూ మంచు ముద్దల గోడ. లోపల కిరసనాయిలు స్టవ్వు, దాని మసితో నల్లబడిన ఆరుగురం. చలికాలంలో దారి మూసుకుపోతుంది. మా బదులు మరో జట్టు వచ్చేదాకా దిగడం ఉండదు. తెల్ల కోటు, పొరల మీద పొరలుగా చేతితొడుగులు, ముఖానికి ఉన్ని ముసుగు, నల్ల కళ్లద్దాలు. అన్నీ ప్రభుత్వానివే. నా సొంతమని చెప్పుకోవడానికి ఒకటే ఉంది. ఎర్ర ప్లాస్టిక్ పిడి ఉన్న మడత కత్తి. అంగట్లో నలభై రూపాయలది.

దాని వెనక ఒక సంగతి ఉంది. మాది చింతామణిలో కిరాణా అంగడి. మా మామది బాగేపల్లిలో ఇనుప సామాన్ల అంగడి. మా ఇళ్లలో పిల్లలకు మాటలకన్నా ముందు బేరం వస్తుంది. అలాంటి ఇంట్లో పుట్టి సైన్యంలో చేరడమంటే కొన్న ధరకన్నా తక్కువకు సరుకు అమ్ముకోవడమే. ఆ మాట అన్నది మా నాయనే. సెలవు ముగిసి వెళ్లేటప్పుడు మామ ఈ కత్తి తీసుకొచ్చి నా సంచిలో వేశాడు.

"హోల్‌సేల్ ఆయప్ప పెట్టెలకు పెట్టెలు దింపుతానంటాండాడు. టమాటా బుట్టలకు తాళ్లు కోసేటోళ్లు, చిక్కబళ్లాపురం ద్రాక్ష తోటలోళ్లు, అందరూ జేబులో పెట్టుకొని తిరిగే కత్తి అడుగుతాండారు. నాల్రోజులకే విరిగిందంటే తెచ్చి నా ముఖాన కొడతారు. నువ్వు ఆ చలికి పోతాండావు కదా, వాడి చూడు. ఆడ నిలబడితే ఈడ నిలబడతాది."

"నాకేమిస్తావు మామా?"

"జీతం ఇచ్చేది సర్కారు. కూలి నన్నడుగుతావా?"

అలా నేను దేశానికి సిపాయిని, మామ అంగడికి జీతం లేని పరీక్షాధికారిని అయ్యాను.

కత్తికి మొదట నేనే ఓడిపోయాను. బ్లేడు తెరవడానికి గోరు పట్టే సన్నటి గాడి ఉంటుంది. చేతితొడుగులతో అది దొరకదు. తొడుగు తీస్తే వేళ్లు కొయ్యబారతాయి. తెలివైనవాణ్ని కదా, పళ్లతో లాగాను. కింది పెదవి ఇనుముకు అతుక్కుంది. వంటవాడు గోరువెచ్చని టీ పోసి విడిపించాడు. వాపు తగ్గేదాకా పోస్టంతా నన్ను 'కత్తి మొగుడు' అనే పిలిచింది.

ఆ తర్వాత బుద్ధి వచ్చింది. పిడి చివర రంధ్రంలో బూటు తాడు కట్టి మెడలో వేసుకున్నాను. బ్లేడు గాడికి ఇంకో చిన్న తాడు ముక్క బిగించాను. తొడుగులతోనే లాగవచ్చు. మడత దగ్గరి నూనె చలికి జిగురైపోయింది. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, పొడిగా ఉంచితే సులువుగా తెరుచుకుంది. పిడి ఇనుముది కాకపోవడం మంచిదైంది. ఒట్టి చేతికి అతుక్కోదు. విమానం జారవిడిచిన మూటల గొనెలు కోశాను. పారాచూట్ తాళ్లు కోశాను. గడ్డకట్టిన పనసకాయంత బెల్లం ముద్దను పగలగొట్టబోతే మాత్రం బ్లేడు మొన కాస్త వంగింది. పదును పోతే పింగాణీ కప్పును బోర్లించి, అడుగున గరుకు అంచు మీద రాసేవాణ్ని. మా అమ్మ కూరగాయల కత్తికి చేసేది అదే.

ఇవన్నీ చెప్పుకోవడానికి మనిషి లేడు. హవల్దార్ గఢ్వాల్ వాడు. వంటవాడు రాజస్థాన్ వాడు. అందరూ మంచివాళ్లే. కాని నా హిందీ సంతలో ధర అడగడానికి సరిపోతుంది, మనసులో మాట చెప్పడానికి చాలదు. ఎవరైనా నవ్వితే నేను ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవాణ్ని. రాను రాను అది కూడా మానేశాను. మంచు పడుతుంటే శబ్దం ఉండదు. ఆగితే అసలే ఉండదు. ఎవరితోనూ మాట్లాడకుండా తెలుగులో లెక్కలు వేసుకుంటూ గడిపిన రోజులున్నాయి.

నా పని రేడియో. ఉదయం ఆరుకు, సాయంత్రం ఆరుకు కింది పోస్టుతో మాట కలపాలి. బ్యాటరీ చల్లబడితే చస్తుంది, కాబట్టి దాన్ని పసిబిడ్డలా నా స్లీపింగ్ బ్యాగులోనే పడుకోబెట్టుకునేవాణ్ని. మేము ఎక్కిన కొన్నాళ్లకు కింద ఆపరేటర్ మారాడు. కొత్త గొంతు. చక్కటి హిందీ. ఒక సాయంత్రం సందేశం అయిపోయింది. అవతలివాడు తన బటన్ వదిలేశాననుకుని తనలో తాను గొణిగాడు.

"అయ్యో దేవుడా, వేళ్లు పోతాండాయి."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. నియమాలన్నీ మరచి బటన్ నొక్కాను.

"యాడిదప్పా నీది?"

చాలాసేపు గరగర మాత్రమే.

"నాగరగెరె. గౌరిబిదనూరు పక్కన. నీది?"

"చింతామణి."

"అంగడోళ్లా?"

"ఎట్ల తెలిసె?"

"ముందు నా ఊరు అడిగి, ఆమీద నీది చెప్పితివి."

హవల్దార్‌కు విషయం చెప్పాను. ఆయన స్టవ్వు మంట తగ్గించి ఆదేశం ఇచ్చాడు. రేడియో చెక్ అయిన తర్వాత రెండు మాటలు. మన పేర్లు వద్దు. పోస్టు గురించి వద్దు. వాతావరణం వద్దు. ఎవరు ఎప్పుడు కదులుతారో అసలే వద్దు.

అవన్నీ తీసేస్తే సిపాయికి మాట్లాడటానికి ఏముంటుంది? కత్తి ఉంది. మామ పెట్టిన పరీక్ష సంగతి అతనికి చెప్పాను.

"ఏమప్పా చింతామణీ, కత్తి ఎట్లుండాది?"

"తాడు కోసినా. బాగుండాది."

"నాకిస్తావా? దిగేటప్పుడు?"

"ఏమిస్తావు?"

"అనాస డబ్బా."

"అనాస మాకూ ఉండాది. ఇంకేమైనా చెప్పు."

అలా మొదలైంది. మరునాడు సాక్సుల జత అన్నాడు. నేను వద్దన్నాను. ఆ తర్వాత చేపల డబ్బా. మా ఇంట్లో తినరన్నాను. ఆ తర్వాత వాళ్లమ్మ వేరుశెనగలు దంచి పంపిన శెనక్కాయల పొడి, కిందటి ఉత్తరాల మూటతో వచ్చిందట. మూత తీస్తే గుడిసెంతా ఊరి వాసన కొట్టిందట. నా నోట్లో నీళ్లూరాయి. సగం పొట్లం అన్నాడు. మొత్తం అడిగాను. సరే అన్నాడు.

వెంటనే సరే అనేసరికి నాకు భయం వేసింది. బేరం తెగితే రేపు ఆరింటికి ఏం మాట్లాడాలి?

"ఇంకా కొన్ని రోజులు వాడి చూడల్ల. తొందరేముండాది" అన్నాను.

అవతల నవ్వాడు. రేడియోలో నవ్వు తుంపులు తుంపులుగా వస్తుంది.

"నువ్వు అమ్మేటోడివి కాదప్పా. మాట్లాడేటోడివి."

పట్టుబడ్డాను. అయినా చలికాలమంతా ఆ బేరాన్ని సాగదీశాను. అతను సాగనిచ్చాడు. ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో అని ఊహించుకుంటూ పడుకునేవాణ్ని. ఒకసారి గుండ్రటి ముఖం పెట్టేవాణ్ని. ఇంకోసారి మీసం. దిగేటప్పుడు ఒక్కసారి చూడాలి. ఆ కోరిక తప్ప ఆ చలికాలం నాకు వేరే కోరిక లేదు.

తరువాత తుఫాను వచ్చింది. గాలి గుడిసెను పట్టుకుని ఊపింది. యాంటెన్నా స్తంభం ఒరిగింది. రేడియో మూగబోయింది. ఆరైంది, మళ్లీ ఆరైంది. గరగర కూడా లేదు. గాలి కాస్త తగ్గిన పూట హవల్దార్ నా నడుముకు తాడు కట్టి బయటికి పంపాడు. స్తంభానికి లాగి కట్టిన తాడు దానికే చుట్టుకుని, మంచు పట్టి, ఇనుప కడ్డీలా ఉంది. ముడి విప్పడం కాని పని. కత్తి తాడు లాగాను. బ్లేడు టక్కున నిలబడింది. కోయడం కాదు, రంపంలా రాయడం. పదును ఒకచోట చిట్లింది. లాకు మాత్రం జారలేదు. జారి మూసుకుని ఉంటే వేళ్ల మీదే. తాడు తెగింది. హవల్దార్, నేను కలిసి స్తంభం నిలబెట్టాం, కొత్త తాడు కట్టాం.

లోపలికొచ్చి బ్యాటరీ తగిలించాను. అవతలి నుంచే వచ్చింది.

"చింతామణీ. ఉండావా?"

"ఉండా."

"కత్తి?"

"అదీ ఉండాది."

ఆ పూట ఇద్దరం బేరం ఆడలేదు.

దిగే ఆదేశం తెల్లవారుజామున వచ్చింది. రేడియోలో చెప్పకూడదు. చెప్పలేదు. కాని కింది పోస్టుకు పై అధికారుల నుంచి ఎలాగూ తెలుస్తుంది. ఆకాశం తేటగా ఉంది, అదే ప్రమాదం. ఎండ ముదిరితే కింది పోస్టు మీది వాలులో మంచు వదులై జారుతుంది. అందుకని ఆ దగ్గర ఆగకూడదు. నేను హవల్దార్‌ను అడిగాను. తాడు మీద ఆయన నా వెనకే.

"నా దోస్తు అక్కడ ఉన్నాడు సాబ్. ఒక్క నిమిషం."

"తాడు ఆగదు. నడుస్తూ ఏం చేస్తావో చేసుకో."

అతను దారి పక్కన నిలబడి ఉన్నాడు. నాలాగే తెల్ల కోటు, ముసుగు, నల్ల అద్దాలు. పొడుగా పొట్టా కూడా తెలియలేదు, మంచులో మోకాళ్లదాకా ఉన్నాడు. చేతిలో పొట్లం. మెడలోంచి కత్తి తీశాను. ముందు తాడు ఒక్క క్షణం వదులైంది.

మా వైపు కత్తి చేతికి చేతికి ఇవ్వరు. ఇస్తే ఇద్దరి మధ్య తెగుతుందంటారు. అంగట్లోనైనా బల్ల మీద పెడితే కొనేవాడు తీసుకోవాలి. మా మామ అలాగే అమ్ముతాడు. నాగరగెరె అతను చేయి చాచలేదు. వేలితో మంచు చూపించాడు. నాకూ అదే తోచింది. వంగి కత్తిని మంచు మీద పెట్టాను. అతనూ మర్యాదకు పొట్లం మంచు మీదే పెట్టాడు. పొట్లం తీసుకోవడానికి నేను మళ్లీ వంగాను. మందపాటి తొడుగులు. పొట్లం జారింది. రెండోసారికి దొరికింది. నడుము దగ్గర తాడు గట్టిగా గుంజింది. తూలి లేచేసరికి నా అద్దాల మీద ఆవిరి. ముందుకు పోయాను.

పోస్టు దాటాక వెనక నుంచి హవల్దార్ అన్నాడు.

"నువ్వు వంగినప్పుడు నీ దోస్తు ముసుగు దించాడు. అద్దాలు పైకెత్తాడు. నీ కోసమే. బాగా నవ్వాడు."

పొట్లాన్ని కోటులోకి తోసి నడిచాను. ఆ పోస్టులో అందరికన్నా బాగా బేరమాడేవాణ్ని నేనే.

రైలు, మళ్లీ బస్సు. చిక్కబళ్లాపురం దాటి, పేరేసంద్ర దాటి బాగేపల్లిలో దిగాను. మామ అంగట్లో మేకులు తూస్తున్నాడు.

"ఏమప్పా, నల్లబడి పోయినావే. కత్తి ఎట్ల?"

"లాకు గట్టిది. పిడి మంచిది. గోటి గాడి దండగ, తాడు కట్టుకోమని చెప్పి అమ్ము. బెల్లం పగలగొట్టద్దని కూడా చెప్పు."

"సరే. యాడ కత్తి?"

"అమ్మినా."

"దేనికి?"

"శెనక్కాయల పొడికి."

మామ తూకం ఆపి నా వైపు చూశాడు. "మీ నాయనకు చెప్పద్దులే" అన్నాడు.

సెలవు ముగిసేలోపు నాగరగెరె పోయాను. పేరు తెలియకపోయినా పైన కొండల్లో ఉన్న సిపాయి ఇల్లు అంటే బస్సు దిగిన చోటే చూపించారు. వాళ్లమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు కొడుతోంది. నేను ఎవరో చెప్పాను. ఆమె చేతిలో సుత్తి పక్కన పెట్టింది.

"నువ్వు చూసినావా నాయనా, వాణ్ని?"

"పొడి ఇచ్చినాడమ్మా. బాగుండాది."

"పొడి మాట కాదప్పా. మనిషి ఎట్లుండాడు? ఇంగా సన్నబడినాడా? గడ్డం పెంచినాడా? ఫోన్లో అడిగితే బాగుండానంటాడు, అంతే. కండ్లతో చూసినోడివి నువ్వు ఒకడివే."

ఎదురుగా ఆ ముఖం కోసం వెతికే రెండు కళ్లు. నా దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఒకటే. అది కూడా హవల్దార్ చూసింది.

"నవ్వుతాండాడమ్మా. బాగా నవ్వుతాండాడు."

ఆమె తలాడించింది. "వాడు చిన్నప్పటి నుంచీ అంతే" అంది. కళ్లు తుడుచుకుని, తిని పొమ్మంది. లోపలికి పిలిచింది. గోడ మీద ఫొటోలు ఉంటాయి. ఆమె ముందు వాటిని ఎరగనివాడిలా చూడాల్సి వస్తుందని బస్సు వేళ సాకు చెప్పి అరుగు మీదే మజ్జిగ తాగి వచ్చేశాను.

సైన్యం నుంచి వచ్చేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అంగట్లో కూర్చుంటున్నాను. పోస్టు, తుఫాను, చలి, అవన్నీ ఒక్కోటి మసకబారుతున్నాయి. ఒకటి మాత్రం పోదు. ఆ రోజు దారి వంపు తిరిగే చోట తాడు మళ్లీ వదులైంది. వెనక్కి చూశాను. అద్దాల మీది ఆవిరి తగ్గింది. అంతా తెలుపు. అందులో ఒక చిన్న మనిషి. చేయి పైకెత్తి, కత్తి తెరిచి, పొద్దుటి ఎండలో బ్లేడును అటూ ఇటూ తిప్పుతున్నాడు. మెరిసింది. ఆరింది. మళ్లీ మెరిసింది.