పట్టుకోవడానికి ఒక మనిషి

మా పెదనాన్న కాటాలు బాగుచేస్తాడు. కిరాణా కొట్ల కాటాలు, కూరగాయల బండి మీది తక్కెడలు, పాత పేపర్లు కొనేవాళ్ళ స్ప్రింగు కాటాలు, బంగారం దుకాణాల్లో గాజుపెట్టెలో ఉండే సున్నితమైనవి. ఎక్కడ ముల్లు పక్కకి వాలినా చివరికి ఆయన బల్ల మీదికే వస్తాయి. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. మధ్యలో తలుపు లేదు, ఒక పరదా ఉంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆ పరదాకి అటూ ఇటూ ఆయన ఒక్కడే.

అబద్ధం ఆడడని ఆయనకి పేరు. ఆ పేరే ఆయన్ని ఒంటరివాణ్ణి చేసిందని మా అమ్మ అంటుంది. ఆరేళ్ళ కిందట మా నాన్న కొట్లో కాటా సరిచూడడానికి వచ్చి, సరుకులు కొంటున్న నలుగురి ముందే, ఇది కిలోకి ముప్పై గ్రాములు తక్కువ తూగుతోంది అనేశాడు. నాన్నకి తల కొట్టేసినట్టయింది. లోపలికి రా అన్నయ్యా, మాట్లాడుకుందాం అన్నాడు. "లోపల తూచినా ఇంతేరా" అన్నాడు పెదనాన్న. ఆ రోజుతో రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. నాన్న మర్నాడే కొత్త కాటా కొన్నాడు గాని, కోపం మాత్రం పాతదే ఉంచుకున్నాడు.

నేను చదివే కాలేజీ పెదనాన్న కొట్టుకి రెండు వీధుల అవతల. రెండేళ్ళపాటు రోజూ ఆ కొట్టు ముందు నుంచే వెళ్ళాను. ఆగితే ఏదో ఒకటి మాట్లాడాలి కదా, ఏం మాట్లాడాలో తెలియక, ఎదురు పక్కన పుస్తకంలోకి చూస్తూ నడిచిపోయేదాన్ని. ఆయన పనిలో పడితే తల ఎత్తడని నా నమ్మకం.

ఆయన దగ్గర ఒక గినీపిగ్ ఉంది. ఎలుకకీ కుందేలుకీ మధ్యరకంగా ఉంటుంది, తోక ఉండదు, గోధుమరంగు ఒంటి మీద తెల్ల మచ్చలు. చేపలూ పిట్టలూ అమ్మే ఒక షాపులో కాటా బాగుచేశాక, షాపతను నవ్వులాటకి ఈ పిల్లని తీసి పళ్ళెంలో పెట్టాడట. సరిగ్గా రెండువందల యాభై గ్రాములు. చెవి చిరిగింది కాబట్టి ఎవరూ కొనరు, మీరే తీసుకుపొండి అన్నాడట. అలా దానికి పావుకిలో అని పేరొచ్చింది. మూడేళ్ళలో తొమ్మిది వందల గ్రాములకి చేరింది గాని పేరు మారలేదు. షట్టర్ ఎత్తిన చప్పుడు విన్నా, ఆకుకూరల కవరు గలగలలాడినా ఈల వేసినట్టు అరుస్తుంది. ఆయన కాక ఆ ఇంట్లో గొంతున్నది అదొక్కటే.

ఒక మధ్యాహ్నం ఆయన మోచెయ్యి తగిలి బల్ల మీంచి రెండు కిలోల ఇనపరాయి జారింది. పావుకిలో బల్ల కింద, ఆయన కాళ్ళ దగ్గర గడ్డి నములుతోంది. రాయి అంచు దాని నడుం మీద పడింది. అది అరవలేదట. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదని తరవాత నాతో అన్నాడు. ముందుకాళ్ళతో రెండడుగులు పాకింది. వెనకకాళ్ళు రాలేదు.

చిన్న జంతువుల్ని చూసే డాక్టరమ్మ ఊరికి ఆ చివర ఉంది. కూరల బుట్టలో తువ్వాలు పరిచి, దాన్ని పడుకోబెట్టి, రెండు బస్సులు మారి తీసుకెళ్ళాడు. కుక్కల గొలుసులు పట్టుకున్న మనుషుల మధ్య, బుట్ట మీద రెండు చేతులూ కప్పి, తన వంతు కోసం గంటన్నర కూర్చున్నాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చెప్పింది: వెన్నులో ఒక ఎముక నలిగింది, నరం తెగలేదు గాని వాచింది. వెనకకాళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దు. కాళ్ళు లేకపోయినా ఇది బతకగలదు. మూత్రం తనంతట తాను పోసుకోలేకపోతే మాత్రం బతకదు. నెల రోజులు చూద్దాం, అప్పటికీ ఆ శక్తి తిరిగి రాకపోతే బాధ పెట్టకుండా ఇంజెక్షనుతో పంపించెయ్యడమే మేలు. ఈ నెలా రోజుకి మూడుసార్లు పొట్ట కింద నొక్కి మూత్రం తియ్యాలి. ఒకరు ముందుభాగం కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు రెండు చేతులతో నొక్కాలి.

"ఇంట్లో ఇంకొకరు ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నారు" అన్నాడు పెదనాన్న.

ఇంటికి వచ్చి ఒక్కడే మొదలుపెట్టాడు. దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఒక చేత్తో మెడ దగ్గర పట్టుకుని, రెండో చేత్తో నొక్కాడు. అది తన్నుకునేది, ఆయన వదిలేసేవాడు. అయినా ప్రతిసారీ కింద బట్ట తడిసేది కాబట్టి పని అవుతోందనే అనుకున్నాడు. నొప్పికి చుక్కల మందు, నలిపి నీళ్ళలో కలిపిన మేత సిరంజితో తాగించడం, ఇవన్నీ బాగానే వచ్చాయి. రోజూ బరువు చూడమని, తగ్గితే వెంటనే తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. బరువు చూడడం ఆయనకి ఒకరు చెప్పాల్సిన పనా? తన దగ్గరున్న వాటిలో మేలైన కాటా మీద తూచి, గోడకి పలక తగిలించి అంకెలు వేశాడు. 872. 866. 871. 880. 889. నాలుగో రోజుకి ముఖం విప్పారిందట. పక్కనున్న మంగలి షాపతన్ని పిలిచి మరీ పలక చూపించాడు. "ఎలుక పది గ్రాములు పెరిగితేనే ఇంత సంబరమా? ఏనుగుని పెంచి ఉంటే పట్టుకోలేకపోయేవాళ్ళం" అన్నాడట అతను.

ఏడో రోజున 896తో ఆస్పత్రికి వెళ్ళాడు. డాక్టరమ్మ దాని పొట్ట కింద చెయ్యి పెట్టగానే ముఖం చిట్లించింది. సన్నటి గొట్టం వేసి మూత్రం తీసింది. ఇరవై ఆరు మిల్లీలీటర్లు. పెదనాన్న అక్కడే నిలబడి మనసులో తీసివేత చేసుకున్నాడు.

"కాటాలో తప్పు లేదండీ" అన్నాడు.

కాటాలో లేదు, అంది ఆమె. పెరిగింది మూత్రం బరువు. దీని ఒంటి బరువు నిజానికి తగ్గుతోంది, లోపల మూత్రపు తిత్తి నిండుతోంది. బట్ట తడిసింది నిండి పొర్లడం వల్ల. ఇంకో రెండు రోజులైతే పగిలిపోయేది. పట్టుకునేది ఎవరో వాళ్ళని తీసుకురండి, ఎలా పట్టుకోవాలో నేను చూపిస్తాను.

"లేరు" అన్నాడు పెదనాన్న.

"ఉన్నారన్నారుగా."

"ఉన్నారు. నా ఇంట్లో లేరు."

ఆ సాయంత్రం మా ఇంటికి ఫోను వచ్చింది. ఆరేళ్ళ తరవాత ఆ గొంతు వినేసరికి ఎవరికో ఏదో అయిందనుకుంది మా అమ్మ. అమ్మాయి ఉందా అని అడిగాడట. నేను తీసుకున్నాను. విషయమంతా వరుసగా, రిపోర్టు చదివినట్టు చెప్పాడు. చివరికి అడిగాడు.

"నువ్వు రోజూ తొమ్మిదింబావుకి వెళ్తావు కదమ్మా, ఎదురు పక్క నుంచి. ఒక పదినిమిషాలు ఇటు రాగలవేమోనని."

వస్తానని చెప్పానో లేదో కూడా గుర్తులేదు, చెప్పే ఉంటాను. నాన్న పేపరు మడుస్తూ, ఎలుకకి జబ్బు చేస్తే గాని తమ్ముడు గుర్తుకు రాలేదన్నమాట, అన్నాడు. నన్ను వెళ్ళొద్దని మాత్రం అనలేదు.

అలా రోజుకి మూడుసార్లు ఆ కొట్లోకి వెళ్ళడం మొదలైంది. క్లాసులకి ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఇంటికి వెళ్ళబోతూ ఒకసారి. బల్ల మీద పనిముట్లన్నీ పక్కకి జరిపి తువ్వాలు పరిచి సిద్ధంగా ఉంచేవాడు. నేను తల వైపు నిలబడి, దాని ముందుకాళ్ళూ భుజాలూ రెండు అరచేతుల మధ్య పట్టుకునేదాన్ని. మొదటిరోజు దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే దెబ్బలు లెక్కపెట్టలేకపోయాను. "గట్టిగా కాదు, వదులుగానూ కాదు" అన్నాడు పెదనాన్న. ఆయనా కొత్తగానే నేర్చుకుంటున్నాడు. తిత్తి చేతికి ద్రాక్షపండులా తగలాలని, దాన్ని వెనక్కి మెల్లగా నొక్కాలని డాక్టరమ్మ చెప్పింది. అంకె కనిపించని పని ఆయనకి అదే మొదటిది. కళ్ళు మూసుకుని వెతికేవాడు. దొరకగానే "ఆఁ" అనేవాడు, ఆ తరవాత బట్ట తడిసేది. పొడిబట్ట ముందే తూచి ఉంచి, తడిసిన బట్ట మళ్ళీ తూచి, తేడా పలక మీద వేసేవాడు. ఎనిమిది గ్రాములు. పదకొండు. తొమ్మిదిన్నర.

పని అయ్యాక నేను చేతులు కడుక్కునే అయిదు నిమిషాల్లో ఆయన మాట్లాడేవాడు. నావైపు చూడకుండా, పావుకిలోకి మేత తాగిస్తూ దానికి చెబుతున్నట్టు. పని నేర్పిన మేస్త్రీ మొదటి ఏడాదంతా ఇనపరాళ్ళు తుడవడమే చేయించాడట. ఒకప్పుడు పెళ్ళి మాట దాకా వచ్చి, పిల్ల అన్నగారి బొగ్గుల డిపోలో కాటా తక్కువ తూగుతోందని చెప్పేసరికి ఆ సంబంధం తప్పిపోయిందట. "కాటా సంగతి పెళ్ళయ్యాక చెప్పి ఉండాల్సింది పెదనాన్నా" అన్నాను, అంత మాట ఎలా అన్నానో నాకే తెలియదు. ఆయన సిరంజి ఆపి ఆలోచించాడు. "పెళ్ళయ్యాక చెబితే ఇంకా పెద్ద గొడవయ్యేది" అన్నాడు. నవ్వాడని నాకు రెండు వీధులు నడిచాక గాని తట్టలేదు.

ఇంట్లో నాన్న అన్నగారి గురించి అడిగేవాడు కాదు. "ఆ ఎలుక ఎంతుంది ఇవాళ?" అనేవాడు. నేను అంకె చెప్పేదాన్ని.

మూడో వారం మధ్యలో పలక మీద అంకెలు ఆగిపోయాయి. చాక్‌పీసులు అయిపోయాయన్నాడు. మర్నాడు నేను ఒక పెట్టె తీసుకెళ్ళి ఇచ్చాను. మంచిపని చేశావమ్మా అని తీసుకుని సొరుగులో పెట్టాడు. పలక మాత్రం ఖాళీగానే ఉంది. నేనుండేది తల వైపు కాబట్టి అవతల బట్ట నాకు కనిపించదు. ఎంత వచ్చిందని అడిగితే ఫరవాలేదు అనేవాడు. గ్రాముల్లో కాకుండా ఫరవాలేదు అని ఆయన నోటివెంట రావడం వింతే, నాకే తట్టలేదు. నెల దగ్గరపడుతోందన్న భయం ఒక్కటే ఉంది. ఇంజెక్షను మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నెల నిండిన రోజు ఆదివారం అయింది. ఆస్పత్రికి నేనూ వస్తానన్నాను. ఎందుకమ్మా, శ్రమ, అన్నాడు. ఇంకోసారి అన్నాడు. రెండోసారి అన్నప్పుడు బుట్ట ఒళ్ళో పెట్టుకుని కిందికి చూస్తున్నాడు. దాన్ని ఒక్కడే తీసుకెళ్ళి ఒక్కడే తిరిగి వస్తానేమో అని ఆలోచిస్తున్నాడనుకుని, పట్టుపట్టి వెళ్ళాను.

డాక్టరమ్మ పావుకిలోని అటూ ఇటూ తిప్పి చూసింది. బాగుంది అంది. కాళ్ళు ఇంతే గాని దీనికి ఇంక భయం లేదు అంది. నాకు ఊపిరి వచ్చింది. రోజుకి మూడుసార్లు నొక్కడం ఇంకా ఎన్నాళ్ళు చెయ్యాలని నేనే అడిగాను. ఆమె ఆశ్చర్యంగా పెదనాన్న వైపు తిరిగింది.

"పన్నెండు రోజుల కిందట తెచ్చినప్పుడే చెప్పాను కదండీ, తనే పోసుకుంటోంది, ఇక ముట్టుకోవద్దని. ఇంకా నొక్కుతున్నారా?"

పెదనాన్న గోడ మీద ఉన్న కుక్కపిల్లల క్యాలెండరు చూస్తున్నాడు.

"నొక్కడం లేదండీ" అన్నాడు. "చెయ్యి మాత్రం పెడుతున్నాను."

డాక్టరమ్మ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, ఆ తరవాత చీటీ రాయడం మొదలుపెట్టింది. వెనకకాళ్ళు నేలకి రాసుకోవు కాబట్టి గోళ్ళు పెరిగిపోతాయి, వారానికొకసారి తియ్యాలి. వెనక భాగం గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. "దానికి ఇద్దరు కావాలి" అని తల ఎత్తకుండా అంది.

తిరుగు బస్సులో చోటు దొరికింది. ఆయన కిటికీ పక్కన, బుట్ట మోకాళ్ళ మీద. లోపల పావుకిలో గడ్డి నములుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను మధ్యాహ్నం క్లాసు మధ్యలో లేచి వచ్చిన రోజులు, వానలో తడుస్తూ వచ్చిన రోజులు ఆయన లెక్క వేసుకుంటున్నాడేమో. నాకు మాత్రం కోపం కోసం వెతికితే దొరకలేదు.

"తెలిసిన రోజే చెప్పాల్సింది" అన్నాడు పెదనాన్న. "రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా."

రోజూ వస్తానని అనొచ్చు. ఎందుకు అని ఆయన అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, ఆయన అలా అడగగల మనిషే. అందుకని చీటీ తీసి చదువుతున్నట్టు చూశాను.

"వచ్చే ఆదివారం వస్తాను పెదనాన్నా. గోళ్ళకి."

"ఆదివారం" అన్నాడు. ఏ పూట అని అడిగాడు. పొద్దున్నే అన్నాను. సరే అన్నాడు.

నా స్టాపు ముందు వచ్చింది. దిగి, బస్సు పక్కన నిలబడి చూశాను. ఆయన నావైపు చూడడం లేదు. బుట్ట మూత కొంచెం ఎత్తి, తల వంచి, లోపలికి ఏదో చెబుతున్నాడు. ఒక్కొక్క వేలూ మడిచి లెక్కపెడుతూ చెబుతున్నాడు. బస్సు కదిలింది.