వస్తాగారి మూడో కంప్లైంటు

మా ఆయనకు వెళ్లడం రాదు. రావడం ఒక్కటే వచ్చు. అదేం విడ్డూరమంటారా? చిన్నప్పుడు గడప దాటుతూ "వెళ్తున్నానమ్మా" అన్నప్పుడల్లా మా అత్తగారు నెత్తిమీద ఒక్కటిచ్చి, "వెళ్తాననకూడదురా, వస్తానని చెప్పు" అనేవారట. ఆ మొట్టికాయలు బాగా లోపలికే దిగాయి. నలభై ఆరేళ్లొచ్చినా ఈయన "వస్తానండీ" అనకుండా ఎక్కడి నుంచీ కదలరు. పన్ను పీకిన డాక్టరుకూ అదే చెప్పారు. "మళ్లీ ఎందుకండీ, పన్ను వచ్చేసిందిగా" అన్నాడాయన. హెల్మెట్ పోయిందని పోలీస్ స్టేషన్లో కాగితం రాసిచ్చి, లేచి "వస్తాను సార్" అంటే, "ఎందుకూ?" అని ఇన్‌స్పెక్టరు అనుమానంగా చూశాడట. లిఫ్టుకు కూడా చెప్తారు. నేను స్వయంగా విన్నాను.

పదిహేడేళ్లు ఒక బొత్తాల ఫ్యాక్టరీలో స్టాఫ్ బస్సు నడిపారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నారు. అబ్బబ్బ, ఆ ఎనిమిది నెలలు పగవాళ్లకు కూడా వద్దు. ఖాళీగా ఉండలేక నా వంటింటి డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దిపడేశారు. సబ్బు తీసుకెళ్లి సోంపు పక్కన పెట్టారు. ఏమిటండీ ఇది అంటే, "రెండూ 'స'లే కదే" అన్నారు. పొయ్యి మీద కూర మాడుతుంటే నేను అచ్చులూ హల్లులూ వల్లెవేసుకుంటూ ఉప్పు వెతుక్కోవాలి! అందుకే ఆయన ఈ తిండి తెచ్చిచ్చే యాప్‌లో చేరిన రోజు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే.

ఆయనకు ఆ పనంటే ప్రాణం. బండి వెనక చదరపు పెట్టె, ముందు ఫోను, అది జారిపోకుండా నా జడ రబ్బరుబ్యాండు. ఎవరింటి తలుపు కొట్టబోయినా ముందు హెల్మెట్ తీసి జుట్టు దువ్వుకుంటారు. పెళ్లిచూపులకా అని వెక్కిరిస్తే, "ఆకలితో ఉన్నవాళ్లు ముందు చూసేది నా మొహమే కదే" అంటారు. హోటళ్ల ముందు పార్సిళ్ల కోసం నిలబడే తోటి డ్రైవర్లు ఈయనకు "వస్తాగారు" అని పేరు పెట్టారు.

ఆ యాప్‌లో ఒక రూలుంది. నెలలో మూడు కంప్లైంట్లు వస్తే ఐడీ మూసేస్తారు. ఐడీ పోతే పని పోయినట్టే. ఈయన ఖాతాలో అప్పటికే రెండున్నాయి. పెద్ద డబ్బా ఐస్‌క్రీము తెప్పించుకున్న ఒకాయనతో "ఇదంతా మీరొక్కరే తింటారా అండీ? గొంతు పట్టేస్తుంది" అన్నందుకు ఒకటి. పార్సిల్ తలుపు దగ్గర పెట్టి ఫొటో పంపమంటే, దాని పక్కన తనూ నిలబడి నవ్వుతూ ఫొటో దిగి పంపినందుకు రెండోది.

మంగళవారం మధ్యాహ్నం మూడోది వచ్చిపడింది. నాలుగో అంతస్తులో ఉండే ఒక మేడమ్ బ్రెడ్డూ సూపూ తెప్పించుకున్నారు. హోటలువాళ్లు సూపు పెట్టడం మర్చిపోయారు. "సూపేదయ్యా?" అన్నారావిడ. "అయ్యో, లేదా అండీ? హోటల్లో చెప్తాను. వస్తానండీ" అనేసి మా ఆయన మెట్లు దిగిపోయారు. ఈయన లెక్కలో వస్తానంటే వెళ్లిపోతానని. ఆవిడ లెక్కలో సూపు పట్టుకుని వస్తానని. పాపం ఆ మహాతల్లి చేతిలో స్పూనుతో, తెరిచిన తలుపు వంక చూస్తూ గంటా పది నిమిషాలు కూర్చున్నారు. ఆ తర్వాత "వస్తానని మాటిచ్చి పారిపోయాడు" అని కంప్లైంటు పెట్టారు. ఐదింటిలోగా ఆవిడ దాన్ని వెనక్కి తీసుకోకపోతే ఐడీ మూసేస్తామని యాప్‌వాళ్లు మెసేజ్ పెట్టారు.

భోజనానికి ఇంటికొచ్చిన మనిషి కంచం ముందు కూర్చుని ఫోను నా చేతిలో పెట్టారు. జాలేసింది. కానీ ముందు ఒళ్లు మండింది.

"వస్తానని ఎందుకన్నారు?"

"వెళ్లడానికే!"

అదే సంగతి యాప్‌లో సహాయం అనే చోట రాశారు. "నేను వస్తానన్నది వెళ్లడానికి." వెంటనే జవాబొచ్చింది. "మీరు వచ్చారా, వెళ్లారా? ఒకటి ఎంచుకోండి." ఈయన భయపడి "వచ్చాను" నొక్కారు. "మీ సమస్య పరిష్కారమైంది. ధన్యవాదాలు" అంది అది. కంప్లైంటు మాత్రం చెక్కుచెదరలేదు.

నా కళ్ల ముందు వంటింటి డబ్బాలు కదిలాయి. "లేవండి" అన్నాను. హోటల్లో సూపు కట్టించి, బండి మీద ఆ చదరపు పెట్టెకూ ఈయన వీపుకూ మధ్య ఇరుక్కుని కూర్చుని, ఆ ఇంటికి చేరేసరికి నాలుగున్నర. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కుతూ గట్టిగా చెప్పాను.

"ఇవాళ్టి నుంచి ఆ మాట మీ నోట వినపడకూడదు. ఎక్కడా! కదిలేటప్పుడు వెళ్తున్నాను అనండి. ఏదీ, అనండి చూద్దాం."

"వెళ్..." అని దగ్గారు. రెండో అంతస్తులో "వెళ్త్..." దాకా వచ్చారు. మూడో అంతస్తుకు ఒళ్లంతా చెమటలు.

మేడమ్ తలుపు తీశారు. రిటైరైన లెక్కల టీచరట, చూపులోనే బెత్తం ఉంది. సూపు అందుకున్నారు గానీ మెత్తబడలేదు.

"వస్తానంటే వస్తానని కాదా అర్థం?"

"అవునండీ. కానీ వెళ్లేటప్పుడు కాదండీ" అన్నారు ఈయన.

"మాటకు ఒకటే అర్థం ఉండాలయ్యా. నేనెప్పుడూ అన్న మాట మీద ఉంటాను."

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. "ఆ, అక్కా... తిన్నాలే... ఇంట్లో ఎవరో వచ్చారు, సాయంత్రం మాట్లాడతా. సరే, ఉంటానక్కా" అని ఫోను పెట్టేశారు.

మా ఆయన తల గోక్కున్నారు. "మేడమ్, మీరిప్పుడు ఉంటానన్నారు కదండీ."

"అన్నాను. అయితే?"

"ఉండలేదండీ. పెట్టేశారు."

కొంప మునిగిందనుకుని నేను ఆయన నడుం మీద గిల్లాను. నిజానికి ఆయన ఎత్తిపొడవలేదు, పాపం ఆయనకు నిజంగానే అనుమానం వచ్చింది. మేడమ్ ఫోను వంక చూశారు. ఈయన వంక చూశారు. ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టారు, చేతిలో సూపు తొణికేంతగా. "ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పానమ్మా, నా తప్పు పట్టుకున్నవాడు లేడు" అని నాతో అంటూ, కళ్లజోడు వెతుక్కుని మరీ కంప్లైంటు వెనక్కి తీసుకున్నారు. టైము నాలుగూ యాభై మూడు.

గుమ్మంలో నేను కళ్లురిమాను. ఈయన రెండు చేతులూ జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని, "వెళ్తున్నానండీ" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఏదో సాధించినట్టు నేను గర్వంగా మెట్లు దిగాను.

నన్ను ఇంటి దగ్గర దింపారో లేదో ఫోను టింగుమంది, ఇంకో ఆర్డరు. ఆయన బండి తిప్పుకుని, నేను నేర్పినట్టే బుద్ధిగా నా వైపు చూసి "వెళ్తున్నాను" అన్నారు.

నా గుండె గుభేల్మంది. ఇరవై రెండేళ్లుగా రోజూ వింటూ విసుక్కున్న మాట ఇవాళ వినపడలేదు. వీధిలో జనం చూస్తున్నా పట్టించుకోకుండా పరుగెత్తి బండికి అడ్డం నిలబడ్డాను.

"ఏమన్నారు? అవేం మాటలండీ? సరిగ్గా చెప్పి కదలండి!"

ఆయన మొహమంతా విచ్చుకుంది. "వస్తానే" అన్నారు.

"ఆ, రండి. ఈ మాట మీద గనక రాలేదో, నేనూ కంప్లైంటు పెడతాను. నాది ఒక్కటి చాలు, ఐడీ మూసేస్తాను."