పిండి పైసలు, దేవుడి పైసలు

బడంగ్‌పేట్‌లో రాఘవేంద్ర కొత్తింటి గృహప్రవేశం. వ్రతం ముగిసింది, భజన చివరి పాటకొచ్చింది, హారతి పళ్ళెం దేవుడి పటం ముందు తిరుగుతోంది. సరిగ్గా అప్పుడు డోలక్ సంచిలోంచి ఒక ఆడగొంతు చాలా స్పష్టంగా, చాలా మర్యాదగా పలికింది.

"యాభై రూపాయలు అందాయి. ధన్యవాదాలు."

కొందరు కళ్ళు తెరవకుండానే ఇంకోసారి దండం పెట్టుకున్నారు. అయ్యగారు హారతి ఆపలేదు. గృహప్రవేశాల్లో ఆయన ఇంతకంటే పెద్ద వింతలే చూసి ఉంటాడు. రాఘవేంద్ర నాయనమ్మ మాత్రం పక్కావిడ మోచెయ్యి పట్టుకుని, "ఇన్నవా? అందినయంట," అంది తృప్తిగా. ఆ తృప్తి చల్లారకముందే సంచి మళ్ళీ పలికింది. ఈసారి వంద.

డోలక్ వాయిస్తున్న గజేందర్ తాళం తప్పలేదు. చెవులు మాత్రం పెనం మీద పెట్టినంత వేడెక్కాయి.

గజేందర్‌ది నల్గొండ పక్క పల్లె. ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక ప్రైవేటు ట్రావెల్స్‌కి మేనేజరు. మేనేజరనగానే ఏసీ గదీ, తిరిగే కుర్చీ అనుకోకండి. రోడ్డు పక్కన దుమ్ములో నిలబడి, విజయవాడ బస్సు కోసం ఎదురుచూసే జనానికి "దిల్‌సుఖ్‌నగర్ దాటింది సార్, వచ్చేస్తుంది" అని చెప్పడం అతని ఉద్యోగం. బస్సు ఇంకా కూకట్‌పల్లిలోనే ఉన్నా దిల్‌సుఖ్‌నగర్ దాటినట్టే లెక్క. ఓనరు లింగస్వామి చెడ్డవాడేం కాదు. కాకపోతే తను చేసిన ఫోను వెంటనే ఎత్తకపోతే అవతలి మనిషికేదో అయిపోయిందని నమ్మే రకం. ఆ నమ్మకంతో మళ్ళీ మళ్ళీ చేస్తాడు.

ఇలాంటి ఉద్యోగంలో ఉన్నవాడికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటరు మూడో అంతస్తులో ఉచితంగా జరిగిన సెమినార్ అమృతంలా తోచదా మరి? కోటు వేసుకున్న కుర్రాడొకడు మైకు పట్టుకుని, ఆర్థిక స్వేచ్ఛ అంటే ఏంటో చెప్పాడు. మనం నిద్రపోతున్నప్పుడు కూడా డబ్బు రావాలట. నలభై అయిదుకల్లా ఉద్యోగం వదిలెయ్యాలట. గజేందర్‌కి ముప్పై తొమ్మిది. ఆఖరి బస్సు పంపి ఇంటికెళ్ళేసరికి వీధికుక్కలు కూడా పడుకుంటాయి. ముందు నిద్ర ఎక్కణ్ణుంచి తేవాలో అతనికి అర్థం కాలేదు. పక్కవాళ్ళందరూ తల ఊపారు గనక తనూ ఊపాడు.

అలా మొదలైంది. మేడ మీద పుట్టగొడుగులు పెంచాడు, కోతులు తిన్నాయి. పాలసీలు అమ్మబోయాడు, చుట్టాలు పండక్కి పిలవడం తగ్గించారు. చివరికి భార్య బాలలక్ష్మి చేతి దోసె పిండి నిలబడింది. మన్సూరాబాద్‌లో వాళ్ళ కిరాయి ఇంటి గేటు లోపల ఒక పాత ఫ్రిజ్ పెట్టారు. తలుపు తీసి పాకెట్ తీసుకోవాలి, ఫ్రిజ్‌కి అంటించిన స్టిక్కరును ఫోన్‌తో స్కాన్ చేసి యాభై కట్టాలి, పోవాలి. మనిషి అవసరం లేదు. పైసలు పడ్డప్పుడల్లా చెప్పే పెట్టె ఒకటి తెచ్చాడు. దాన్ని మొదట దిండు పక్కనే పెట్టుకున్నాడు. నిద్రలో డబ్బు వస్తే ఎట్లుంటుందో వినాలి కదా!

"నా ఇంట్ల ఇంకో ఆడామె గొంతేంది?" అని బాలలక్ష్మి దాన్ని గదిలోంచి వెళ్ళగొట్టింది. అప్పట్నుంచి గజేందర్ ఎక్కడికెళితే పెట్టె అక్కడికి.

ఇక డోలక్ సంగతి. అది ఆదాయం కాదు, పని కాదు. తండ్రి దగ్గర నేర్చుకున్న సరదా. శనివారం సాయంత్రం కాలనీ హనుమాన్ గుడిలో భజన. ఓ గంటన్నర లింగస్వామి దగ్గర సెలవు అడుక్కుని వచ్చి కూర్చునేవాడు. అయినా పాటకీ పాటకీ మధ్య బయటికి పరుగెత్తి ఫోన్‌లో "దిల్‌సుఖ్‌నగర్ దాటింది" అని చెప్పి రావడం ఉండేదనుకోండి. డోలక్ మీద వేళ్ళు పడ్డాక మాత్రం నలభై అయిదూ గుర్తుండేది కాదు, ముప్పై తొమ్మిదీ గుర్తుండేది కాదు. భజన బృందానికి పెద్ద వీరేశం, ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరై హార్మోనియం పట్టినవాడు. ఆయనది ఒకటే నియమం: ఎవరింటికి పిలిచినా భజనకు పైసా తీసుకోకూడదు, పళ్ళెంలో పడింది గుడి దీపం నూనెకు పోవాలి.

సెమినార్ రెండో క్లాసులో కోటు కుర్రాడు ఇంకో మాట అన్నాడు. "డబ్బులివ్వకపోయినా మీరు చేసే పని ఒకటుంటుంది. దానికే డబ్బులు తీసుకోండి." ఇవ్వకపోయినా చేసేవాడికి జనం ఎందుకిస్తారన్నది గజేందర్‌కి అంతుపట్టలేదు. అయినా ఇంటికొచ్చి, ఫ్రిజ్‌కి అంటించగా మిగిలిన స్టిక్కరొకటి డోలక్ పొట్టకు అంటించాడు. ఎవరికీ చెప్పలేదు. చూద్దాంలే అనుకున్నాడు. భజనలో డోలక్ మీద స్టిక్కరు కనబడితే ఎవరైనా గుడిదే అనుకుంటారు. జనం భక్తిగా స్కాన్ చేస్తూ పోయారు. సంచిలో పెట్టె నోరు మూయడం ప్రతిసారీ గుర్తుండేది. బడంగ్‌పేట్‌లో మరిచిపోయాడు.

తిరుగు దారిలో ఆటో ట్రాలీలో వీరేశం హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"గజ్జూ, గా సంచిలున్నామె ఎవరు?"

"పిండి డబ్బా కాకా."

"పిండి డబ్బా మాట్లాడుతదా?"

"పైసలు పడితె మాట్లాడుతది."

"మరి గీ స్టిక్కరు?"

గజేందర్ స్టిక్కరు మీద చెయ్యి పెట్టాడు, గాయం కప్పుకున్నట్టు. "పిండిదే కాకా. ఒక్కటే ఖాతా."

"గుడిదనుకున్న గదరా! నేనే రెండు మూడుసార్లు చెప్పిన జనానికి, డోలక్ మీద ఉంది స్కాన్ కొట్టుండ్రని." వీరేశం గొంతు పెరిగింది. "దేవుని పైసలు తీస్కపోయి దోసె పిండిల కలిపినవా?"

"కలపలే కాకా. అవే కలిసినయి."

ట్రాలీలో తాళాలు వాయించే ఇద్దరూ అటు తిరిగి నవ్వుకున్నారు. వీరేశం నవ్వలేదు.

"ఏవి ఎవరివో తేల్చుకొని రా. అప్పటిదాంక భజనల డోలక్ ముట్టకు. మహేందర్ ఉన్నడు గద, ఆయన ప్యాడ్ తెస్తడు."

మహేందర్ అదే కాలనీలో పెళ్ళిళ్ళకు కరెంటు డ్రమ్స్ వాయించే మనిషి. ఆ శనివారం మన్సూరాబాద్ హనుమంతుడు తన నామాన్ని పెళ్ళి బరాత్ దరువులో విన్నాడు. గజేందర్ ఎల్బీనగర్‌లో నిలబడి బస్సు డిక్కీ తలుపు మీద వేళ్ళతో తాళం వేస్తుంటే, లోపల సామాను పెడుతున్న పెద్దాయన, "తమ్మీ, జర ఆపుతవా, తలకాయ నొస్తుంది," అన్నాడు. గజేందర్ చేతులు జేబులో పెట్టుకున్నాడు. జేబులో కూడా అవి ఊరుకోలేదు.

తేల్చాలి. ఎట్లా? ఫోన్‌లో పేర్లున్నాయి, దేనికిచ్చారో లేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు.

ముందు పక్క వీధి విజయదుర్గ గారికి. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ టీచరమ్మ.

"మేడం, మొన్న మీరు పంపిన యాభై పిండికా, దేవునికా?"

"అదేంటండీ గజేందర్ గారూ, మా వారు పంపించుంటారు, నాకెలా తెలుస్తుందీ? అన్నట్టు మొన్న మీ పిండి బాగా పులిసిపోయిందండీ. ఆ రోజుది మాత్రం దేవుడి కిందే రాసేసుకోండి."

తర్వాత రాఘవేంద్రకు. "అన్నా, హారతప్పుడు వంద మీరే గదా? గుడికే గదా?"

"గుడికెందుకన్నా, పళ్ళెంల ఏసిన గదా. అది నీకే. మస్తు కొట్టినవు."

గజేందర్ ఫోను పెట్టేసి మెట్టు మీద కూలబడ్డాడు. ఇప్పటిదాకా పిండి, దేవుడు, రెండే. ఇప్పుడు మధ్యలో తనొకడు తేలాడు. ఇంకొకాయన, "డౌటుంటె వాపస్ పంపు," అన్నాడు. ఏం తోచక కోటు కుర్రాడికి మెసేజ్ పెట్టాడు: సార్, సరదానే ఆదాయం చేసినం, ఇప్పుడు సరదా పోయింది, ఆదాయం ఎవరిదో తెల్వది, ఏం చెయ్యాలె? అవతలి నుంచి బొటనవేలి బొమ్మా, డబ్బు కట్టి చేరాల్సిన క్లాసు లింకూ వచ్చాయి.

"మొత్తం గుడికే ఇచ్చేస్త," అన్నాడు ఇంట్లో.

బాలలక్ష్మి గ్రైండరు ఆపింది. "ఎవలివి ఇస్తవు? కోడి కూయకముందు లేచి రుబ్బేది నేను. నీకు స్వేచ్ఛ రావాల్నని నా రెక్కలు అరగదీస్తున్న. అండ్ల నాది ఎంతుందో నీకు తెలుసా?"

"తెల్వదు," అన్నాడు గజేందర్. ఆ నెలలో అతను ఏ తడబాటూ లేకుండా చెప్పిన మాట అదొక్కటే.

ఆమె చేతులు కడుక్కుని, చెప్పులేసుకుంది. "నడువు. వీరేశం మామ దగ్గర్కి."

వీరేశం గుడి అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. విన్నాక, పేపరు చదవబోయేవాడిలా కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ తీశాడు. "నేను గూడ పంపినట్టున్న. గుడికి ఒక యాభై. ఆఁ, ఇగో." వేలు ఆగిపోయింది. "ఇంకో యాభై గూడ ఉంది. కోడలు పిండి తెమ్మన్నదా ఏంది?"

"ఏది ఏదో జెప్పు కాకా, రాసుకుంట," అన్నాడు గజేందర్ ఆశగా.

వీరేశం రెండు యాభైల్నీ పైకీ కిందికీ జరిపి చూశాడు. ఫోన్ దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. రెండూ అన్నదమ్ముల్లా ఒక్కలాగే ఉన్నాయి.

"నాకే తెల్వకపాయె గదరా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"ఎవలికి తెల్వనప్పుడు ఎన్ని దినాలు కూసున్నా తేలదు మామా," అంది బాలలక్ష్మి. "తెలిసినయి తెలిసినట్టు ఇచ్చేస్తం. తెల్వనయి నా కాడ ఉండొద్దు, మీ కాడ ఉండొద్దు. మినపప్పు కొంట. నేనే రుబ్బి గారెలేస్త. శనివారం హనుమంతునికి పెట్టి అందరికి పంచుండ్రి. పిండికని ఇచ్చినోళ్ళు తింటరు, దేవునికని ఇచ్చినోళ్ళు తింటరు."

"నాకని ఇచ్చినోళ్ళు?" అన్నాడు గజేందర్.

"నువ్వు నూనె కాడ నిలబడు."

వీరేశం చాలాసేపు గుడి గంట వైపు చూశాడు. దాన్నుంచి కూడా అభ్యంతరమేమీ రాలేదు. "స్టిక్కరు?" అన్నాడు.

గజేందర్ అక్కడికక్కడే గోరుతో గీకడం మొదలుపెట్టాడు. బొమ్మ ఊడింది గానీ జిగురు ఊడలేదు.

శనివారం మహేందర్ ప్యాడ్‌ని గుడ్డ కప్పి పక్కన పెట్టాడు. అతనికీ హాయిగానే ఉంది. రామనామానికి బరాత్ దరువు వేస్తుంటే వెనకాల ఎవరో ఈల వేశారట పోయినసారి. బాలలక్ష్మి గారెల తట్ట కింద పెట్టి, చెమట తుడుచుకుని, ఆడవాళ్ళ వరసలో మొదటి చోటు చూసుకుని కూర్చుంది. గజేందర్ డోలక్ ఒళ్ళోకి తీసుకుంటే జిగురు పంట్లానుకి అంటుకుంది. పెట్టె ఇంట్లో ఉంది. ఫోను చొక్కా జేబులోనే ఉండి, మొదటి పాటలోనే గుండెల మీద గిలగిల కొట్టుకోవడం మొదలుపెట్టింది. పాట అయింది. లేవాలా వద్దా? ఉద్యోగం పోతే స్వేచ్ఛ అంటారా, ఉద్యోగం పోవడం అంటారా? కోటు కుర్రాడు ఈ సంగతి చెప్పాడో లేదో గుర్తు రాలేదు. ఇంతలో వీరేశం హార్మోనియం మీద రెండో పాట ఎత్తుకున్నాడు, గజేందర్ వేళ్ళు అతన్ని అడక్కుండానే వాయించడం మొదలుపెట్టాయి. మంగళహారతి దాకా లేవలేదు.

చౌరస్తాకు తిరిగొచ్చేసరికి లింగస్వామి తనే రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. దుమ్ము కొట్టుకుపోయి, గొంతు బొంగురుపోయి ఉన్నాడు.

"ఏందయ్యా గజేందర్! బస్సు ఎక్కడుందని జనం నన్ను పట్టుకొని పీక్కతిన్నరు. ఎన్నిసార్లు చేసిన నీకు? ఒక్కసారన్న ఫోనెత్తొద్దా?"

గజేందర్ పంట్లాను జిగురు దులుపుకుంటూ అన్నాడు.

"ఎత్తుదమంటే మూడో చెయ్యి లేకపాయెనన్నా."