మంద వెంట తెచ్చుకున్న జ్వరం

ధర్మవరంలో మా ఇంటి గోడగడియారానికి వారానికొకసారి తాళం తిప్పడం నా పని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఆదివారం ఉదయం స్టూలు ఎక్కి చెయ్యి చాపితే అది సగంలోనే ఆగిపోయింది. నొప్పి కాదు, సత్తువ లేదు. దిగి కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతున్నా చొక్కా తడిసిపోయింది.

"గుర్రం దిగి నెల కూడా కాలేదు కదా, ఆ అలసటే" అని నా భార్యతో అన్నాను.

ఆ గుర్రం సంగతి చెప్పాలి. పాళెగాళ్ల కాలంలో దండు వస్తోందని తెలిస్తే ఊళ్లలోని పశువులను పెనుకొండ కోటలోకి తోలేవారని మా వైపు పెద్దలు చెబుతారు. ఆ తోలకాన్ని మళ్లీ చేసి చూపాలని హిందూపురంలో కొందరు పూనుకున్నారు. ఆవులు నా స్నేహితుడు హనుమంతప్పవి, గుర్రాలు పెళ్లి ఊరేగింపులవి. మా నాయనకు ఒక తట్టువ, అంటే పొట్టి గుర్రం, ఉండేది కాబట్టి నాకు చిన్నప్పటి నుంచే స్వారీ వచ్చు. రైల్వేలో గూడ్స్ బండి చివరి పెట్టెలో గార్డుగా పనిచేసి రిటైరైనవాణ్ని కనుక మంద వెనుక భాగం నాకే అప్పగించారు. ఏ దూడా వెనకబడకుండా చూసుకుంటూ, హిందూపురం నుంచి పెనుకొండ దాకా గుర్రం మీదే వెళ్లాను. రిటైరయ్యాక అంత సంతోషం ఎప్పుడూ ఎరగను. వచ్చే ఏడు కూడా వెళ్లాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

జ్వరం సాయంత్రం వచ్చేది, తెల్లవారేసరికి పోయేది. కొన్నాళ్లు పూర్తిగా మాయమై, మళ్లీ వచ్చేది. మా వీధి డాక్టరు మలేరియాకు రక్తం స్మియర్ చేయించాడు, అది లేదు. వైడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు. మందులు అయిపోయాయి, జ్వరం అలాగే ఉంది. తర్వాత నడుం పట్టుకుంది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నిలబడలేకపోయేవాణ్ని. మధ్యాహ్నమంతా వరండాకూ గదికీ మధ్య తిరుగుతూ ఉండేవాణ్ని.

"ఊరికే ఎన్ని తూర్లు లేస్తావయ్యా, ఒక తావున పండుకో" అనేది నా భార్య.

"పండుకుంటే నడుం లాగుతాంది."

"నడిస్తే?"

"అప్పుడూ లాగుతాంది."

"అట్లయితే పండుకొనే లాగించుకో" అంది.

హిందూపురంలో ఇంకొక డాక్టరు నడుం ఎక్స్‌రే చూసి, "టీబీ కావచ్చు, బెంగళూరు పొండి" అన్నాడు. ఆయనను నేనడిగింది ఒక్కటే, గుర్రం ఎక్కవచ్చా అని. ఆయన నా భార్య వైపు చూశాడు.

బెంగళూరు ఆసుపత్రిలో ఎమ్మారై తీశారు. వెన్నెముకలో ఒకచోట ఇన్ఫెక్షన్ ఉందన్నారు. టీబీ మందులు మొదలుపెట్టే ముందు, మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక లేడీ డాక్టరు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"తాతా, ఇంట్లో పశువులున్నాయా?"

"లేవమ్మా."

"ఈ మధ్య ఎప్పుడైనా పశువుల దగ్గర మెలిగారా?"

తోలకం సంగతి ఉత్సాహంగా మొదలుపెట్టాను. గుర్రం పేరు దాకా వచ్చేసరికి ఆమె ఆపింది. "పచ్చిపాలు తాగారా?"

తాగాను. పాతకాలం పద్ధతిలోనే అంతా జరగాలని అగ్గిపెట్టె కూడా వద్దని అందరం ఒప్పుకున్నాం. సోమందేపల్లి దగ్గర మజిలీలో, మంచుకు దూది నెమ్మెక్కి చెకుముకి రాయికి నిప్పు అంటుకోలేదు. కాఫీ లేదు. హనుమంతప్ప పొదుగు దగ్గర నుంచే చెంబు నింపి ఇచ్చాడు. "తాగప్పా గార్డూ, గుమ్మపాలు. కాంచితే ఈ రుచి యాడ ఉంటాది?" నురుగుతో సహా తాగాను. రోజూ డైరీ రాసే అలవాటున్నా, పాలు తాగడం రాయవలసిన విషయమని తోచలేదు.

రక్తపరీక్షలో బ్రూసెల్లోసిస్ అని తేలింది. పశువుల నుంచి పచ్చిపాల ద్వారా మనిషికి వస్తుందట. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ రాశారు. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు కానీ, మొదటిసారి చూసినప్పుడు గుండె ఆగినంత పనైంది.

హనుమంతప్ప చూడడానికి వచ్చినప్పుడు విషయం చెప్పాను. అతని ముఖం మారింది.

"నా ఆవు నీకు రోగమిచ్చిందంటావా? నేనూ తాగినా గదా, నాకేమీ కాలేదే?"

"అందరికీ రాదంట. పోయినేడు నీ ఆవులు రెండు చూలు నిలవక ఈసుకపోలేదా? అదీ దీనివల్లేనంట."

ఇచ్చిన కాఫీ ముట్టకుండా వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు తిరిగి వచ్చాడు. పశువుల డాక్టరుతో ఆవులకు రక్తం పరీక్ష చేయించాడట. ఆ రెండింటికీ ఉందని తేలితే మంద నుంచి వేరు చేసి కట్టేశాడట. "ఈసుకపోయింది చెడు దిష్టి వల్ల అనుకొంటినప్పా" అని, ఈసారి కాఫీ తాగాడు.

మందులతో జ్వరం తగ్గింది. కోర్సు ముగిశాక, నడుం బాగుందనుకుని బజారు దాకా నడిచి వచ్చిన వారంలోనే నొప్పి మళ్లీ మొదలైంది. మళ్లీ బెంగళూరు, మళ్లీ ఎమ్మారై, మళ్లీ అవే మందులు, ఈసారి ఇంకా ఎక్కువ నెలలు. నడుముకు బెల్టు వేశారు. కనబడిన ప్రతి డాక్టరునూ అడుగుతున్న నా ప్రశ్ననే, గుర్రం ఎక్కవచ్చా అని, ఆర్థోపెడిక్ డాక్టరునూ అడిగాను. ఆయన ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించాడు. "ఈ రెండు ఎముకలు అతుక్కుంటున్నాయి. నడవండి, ఎంతైనా నడవండి. గుర్రం మాత్రం ఇక లేదు."

ఆ మాట కోసం అంతమందిని అడిగినట్టయింది. తిరుగు ప్రయాణంలో పెనుకొండ కొండ కనబడినప్పుడు కిటికీ నుంచి ముఖం తిప్పుకుని కూర్చున్నాను.

ఇప్పుడు జ్వరం లేదు. ఒంగి చెప్పులు తీసుకోలేను, గడియారానికి తాళం నా భార్య తిప్పుతోంది. తోలకం మాత్రం ఏటా జరుగుతోంది. మంద బయలుదేరక ముందే నేను ఆటోలో మొదటి మజిలీ చేరి, రాళ్లపొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి పాలు కాస్తాను. మూడు పొంగులు రానిదే ఎవరికీ పొయ్యను. పంచె, తలపాగా అన్నీ పాతకాలంవే. నా జేబులో అగ్గిపెట్టె ఒక్కటి ఈ కాలంది.

"సర్వీసంతా బండి ఎనకుంటివి, ఇప్పుడు ఇంజనుకన్నా ముందొస్తాండావే గార్డూ" అంటాడు హనుమంతప్ప.

నా గుర్రం మీద ఇప్పుడు ఇంకెవరో వస్తారు. అది సకిలిస్తే కాళ్లు ఊరికే ఉండవు. పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి కూర్చుంటాను.

జ్వరం పోయి పోయి మళ్లీ వస్తుంటే, డాక్టరు అడిగేదాకా ఆగకండి. పశువుల దగ్గర మెలిగిన సంగతి, పచ్చిపాలు తాగిన సంగతి మొదటి రోజే మీ అంతట మీరే చెప్పండి.